నెమలికి కాస్త రెస్టిద్దాం

పోయిన ఉగాది ఫంక్షన్‌లో నా చీర పల్లూ మీద ఒక బల్లి ఉంది. వెండి బల్లి, నేనే చేసుకున్న బ్రోచ్, భుజం వైపు పాకుతున్నట్టు. పులిహోర లైన్లో నా వెనక నిలబడ్డ ఒకావిడ కెవ్వుమని ప్లేటు వదిలేసినంత పని చేసింది, ఇంకో పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని చూసి "కుడి భుజమా, ఎడమ భుజమా అమ్మా" అని చాలా సీరియస్‌గా అడిగారు, మూడో ఆవిడ ఏమీ అనకుండా వేలితో తాకి కళ్ళకద్దుకుంది, కంచి వెండి బల్లి గుర్తొచ్చిందట. ఈ బర్మింగ్‌హామ్‌లో ఉన్న తొమ్మిదేళ్ళలో నా ఒంటి మీద నగ గురించి ఇంతమంది ఎప్పుడూ మాట్లాడలేదు. అదే హాల్లో ఆ రోజు నేను ఊరికే కూర్చుని లెక్కపెడితే నలభైకి పైగా నెమళ్ళు తేలాయి, జుంకాల మీద, వంకీల మీద, నెక్లెస్ మధ్యలో ఎదురెదురుగా రెండేసి. ఒక్క నెమలి గురించి కూడా ఎవరూ ఒక్క మాట అనలేదు, ఎందుకంటే ఎవరికీ కనపడలేదు.

నెమలి మీద నాకేం కోపం లేదండీ. కానీ నగల మీద ఉన్న ఆ నెమలిని చేసినవాళ్ళెవరూ నెమలిని చూసి చేయలేదు, ఇంకో నగ మీది నెమలిని చూసి చేశారు, ఆ నగ చేసినవాళ్ళు కేటలాగ్ చూసి చేశారు. నిజం నెమలికి కాళ్ళుంటాయి, బాగా పెద్దవి, అందంగా ఉండవు, వాటిని చూసుకుని ఏడుస్తుందని మా నాయనమ్మ చెప్పేది. మన పెండెంట్లలో నెమలికి కాళ్ళెక్కడున్నాయో ఒకసారి ఇంటికెళ్ళి చూడండి.

మా నాయనమ్మది తెనాలి పక్కన పల్లెటూరు. ఆవిడ నగల పెట్టెలో ఉన్నవాటి పేర్లు చెప్తుంటే పొలం గట్టున నడుస్తున్నట్టు ఉండేది, మల్లెమొగ్గల హారం, మామిడిపిందెల హారం, గోధుమ గొలుసు, జడనాగు, చిన్నపిల్లలకి పెట్టే రావిరేక. జడని చూసి అది పాము అనుకున్న మొదటి మనిషెవరో గానీ, పడగ నడినెత్తి మీద, తోక నడుం కింద, ఎంత ధైర్యం అసలు! ఆ మల్లెమొగ్గల హారం చేయించినప్పటి కథ ఆవిడ వందసార్లు చెప్పింది, ఊరి ఆచారిగారు "ఏ మల్లెమ్మా, బొండుమల్లా సన్నమల్లా" అని అడిగి, పెరట్లోంచి నాలుగు మొగ్గలు తెప్పించుకుని కుంపటి పక్కన తడిగుడ్డలో పెట్టుకుని చూస్తూ చేశారట. తూకానికి ఆయన దగ్గర గురివింద గింజలు. అంటే తూకం కూడా తీగ నుంచి రాలిందే. సంప్రదాయం అంటే నా లెక్కలో ఆ తడిగుడ్డలో మొగ్గలు. ఆయన చేసిన హారాన్ని ఫోటో తీసి మెషీన్‌లో పదివేలు పోత పోయడం కూడా ఒక వ్యాపారమే, కాదనను, కానీ దాన్ని సంప్రదాయం అని పిలిచి ఎక్స్‌ట్రా రేటు తీసుకోవద్దు.

ఇంకా వెనక్కి వెళ్తే మనవాళ్ళు మరీ ఘోరంగా మంచి పనివాళ్ళు. న్యూయార్క్‌లో మెట్ మ్యూజియంలో ఒక జత బంగారు చెవి ఆభరణాలున్నాయి, క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటివి, బహుశా ఆంధ్రదేశానివే అని మ్యూజియం వాళ్ళే రాసుకున్నారు. రెండు మొగ్గలు తీగ మీంచి అటూ ఇటూ విచ్చుకున్నట్టు ఉంటాయి, వాటి మీద ఒక రెక్కల సింహం, ఒక ఏనుగు, ఒళ్ళంతా ఆవగింజ కన్నా చిన్న బంగారు గుండ్లు అంటించి. టార్చ్ లేదు, భూతద్దం లేదు, బొగ్గులూ ఊదుగొట్టమే! నేను ఒక గుండు అంటించడానికి సాయంత్రమంతా తిప్పలు పడి, చివరికి అది ఎగిరి కార్పెట్‌లోకి పోతే మోకాళ్ళ మీద వెతుక్కున్నదాన్ని కాబట్టి వాటి ఫోటో చూస్తే నాకు భక్తి, ఏడుపు రెండూ వస్తాయి. అంత దూరం పోలేనివాళ్ళకి లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలున్నాయి, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసినవి, మన పల్నాటి సున్నపురాయి. మన వాళ్ళు ఆ గదికి వెళ్ళి "మన రాళ్ళు తెచ్చేసుకున్నారు" అని కోప్పడి వచ్చేస్తారు, న్యాయమే, కానీ కోప్పడ్డాక ఇంకో పావుగంట ఉండి ఆ తామరలు, ఏనుగులు, ఆడవాళ్ళ కాళ్ళకి మోయలేనంత కడియాలు దగ్గరగా చూసి రండి. మన డిజైన్ బుక్ అదే.

సరే, బల్లి సంగతి. నేను పగలంతా స్ప్రెడ్‌షీట్లతో బతికే మనిషిని, వారానికో సాయంత్రం ఇక్కడి నగల పనివాళ్ళ పేట, జ్యుయెలరీ క్వార్టర్‌లో క్లాసుకి వెళ్తాను. బల్లి చేద్దామనుకుంటే ఈ ఊళ్ళో గోడ మీద బల్లి దొరకదు కదా, అందుకని అమ్మకి వీడియో కాల్ చేసి ట్యూబ్‌లైట్ వెనక ఉన్నదాన్ని చూపించమన్నా. "పిచ్చా నీకు, బల్లికి వీడియో కాలేంటే" అని తిడుతూనే అరగంట స్టూలెక్కి నిలబడింది పాపం, మధ్యలో అది టిక్‌టిక్‌మంటే "చూశావా సత్యం" అంది. అప్పుడు తెలిసింది, నాకు బల్లి అంటే అసలు ఏమీ తెలీదని. వేళ్ళ చివర సన్నగా ఉంటాయనుకున్నా, వెడల్పుగా, చిన్న చిన్న చెంచాల్లా ఉన్నాయి. మెడ లేదనుకున్నా, ఉంది. నోటుబుక్‌లో పన్నెండు బొమ్మలు గీశాక పదమూడోది బల్లిలా వచ్చింది.

చేయడం ఇలా. ఒక మిల్లీమీటరు మందం 925 షీటు, అంటే వెయ్యి పాళ్ళలో 925 వెండి, మిగతాది ఎక్కువగా రాగి, ఎందుకంటే అచ్చమైన వెండి మరీ మెత్తన, రోజువారీ వాడకానికి ఆగదు. వెంట్రుకలాంటి రంపం బ్లేడుతో కోయాలి, నేను పద్నాలుగు విరగ్గొట్టాను. తర్వాత వెనక నుంచి సుత్తితో కొట్టి వీపు ఉబ్బెత్తు చేయాలి, వెండి కొట్టేకొద్దీ మొండికేస్తుంది, చీలేలోపు దాన్ని మళ్ళీ ఎర్రబడీ ఎర్రబడనట్టు కాల్చి నీళ్ళలో ముంచితే బుద్ధిగా మెత్తబడుతుంది. చిన్నప్పుడు మా అన్నయ్యతో అమ్మ చేసిన పనే. అసలు గండం కాళ్ళు, తోక అతికేటప్పుడు. హార్డ్ టంకం కరిగేది దాదాపు 750 నుంచి 780 డిగ్రీల మధ్య, స్టెర్లింగ్ వెండే, అంటే ఈ 925 వెండే, కరగడం మొదలయ్యేది 800 దాటీ దాటగానే, మనకి మధ్యలో ఉన్న సందు అంతే, థర్మామీటర్ ఏమీ ఉండదు, లైట్లు ఆర్పేసి రంగు చూసుకోవడమే. టంకం బాగా పారడానికి అతుకు మీద పూసిన వెలిగారం ముందు తెల్లగా పొంగుతుంది, తర్వాత అణిగి గాజులా అవుతుంది, ఆ తర్వాత ఒక్క క్షణం, టంకం మెరుపు తీగలా సందులోకి పారుతుంది. ఆ క్షణం కోసమే ఇదంతా చేస్తానేమో అనిపిస్తుంది నాకు. మంట ఎప్పుడూ లావు భాగం మీద పెట్టాలి, సన్నవి ముందు వేడెక్కుతాయి, ఇది మా టీచర్ వందసార్లు చెప్పింది, నేను ఆ రోజు మంట ఒక్క అంగుళం పక్కకి పోనిచ్చా, తోక కొస ముడుచుకుని ఆవగింజంత గుండయి కూర్చుంది.

టీచర్ మళ్ళీ మొదలుపెట్టమంది. నాకేమో నవ్వాగలేదు, తోక తెంపుకోవడం బల్లి పనే కదా. నిజం బల్లికి మళ్ళీ మొలిచిన తోక పాతదానిలా ఉండదు, పొలుసుల తీరే మారిపోతుంది. అందుకని కరిగిన ముక్క కోసేసి, కొత్త తోక విడిగా చేసి రివెట్ కొట్టాను, వీపు మీద పొలుసులు చెక్కాను, తోక మీద చెక్కలేదు, అతుకు దాచలేదు. దగ్గరగా చూసినవాళ్ళకి ఈ బల్లికి ఎప్పుడో ఏదో జరిగిందని తెలుస్తుంది. కేటలాగ్‌లో ఇది దొరకదు, చెయ్యి కాలితేనే దొరుకుతుంది.

ఈ దేశంలో 7.78 గ్రాములు దాటిన వస్తువుని వెండి అని చెప్పి అమ్మాలంటే హాల్‌మార్క్ తప్పనిసరి. నా బల్లి పన్నెండు గ్రాములు, మన లెక్కలో తులం కన్నా రవ్వంత ఎక్కువ. వెండి, బంగారాల స్వచ్ఛత పరీక్షించి ముద్ర వేసే బర్మింగ్‌హామ్ అస్సే ఆఫీసు 1773 నుంచి ఉంది, దాని ముద్ర లంగరు, స్టెర్లింగ్ అని చెప్పడానికి వేసేది నడుస్తున్న సింహం, ఆ సింహం 1544 నుంచి నడుస్తూనే ఉంది. కాబట్టి నా బల్లి పొట్ట మీద ఇప్పుడొక సింహం ఉంది, ఇది మా అబ్బాయికి ఇంట్లో అన్నిటికన్నా నచ్చిన వస్తువు.

ఆ ఫంక్షన్‌లోనే ఒకాయన, పేరు అనవసరం, ఇలాంటిది తన భార్యకి చేసిస్తే ఎంత తీసుకుంటావమ్మా అన్నారు. నూట నలభై పౌన్లు అన్నా. వెంటనే ఫోన్ తీసి ఆ రోజు వెండి రేటు చూసి, పన్నెండుతో గుణించి, "మరి మిగతాదంతా ఏంటి" అన్నారు. మిగతాదంతా పదకొండు సాయంత్రాలండీ. మనది ఇదే రోగం, తూకానికి డబ్బిస్తాం, తరుగు దగ్గర గొడవపడతాం, మజూరీ తగ్గించమంటాం. వెండికైతే మరీను, బంగారం లక్ష్మి, వెండి కాళ్ళకీ పూజ సామానుకీ. అదే మనిషి హాలిడేకి వెళ్ళి ఎయిర్‌పోర్ట్‌లో గుడ్లగూబ ఉంగరం నా రేటుకి రెట్టింపు పెట్టి కొంటే అది డిజైనర్ పీస్. గురివింద సామెత నాకూ వర్తిస్తుంది, ఒప్పుకుంటా, కరీంనగర్ ఫిలిగ్రీ డబ్బా ఒకటి కొన్నప్పుడు నేనూ బేరమాడాను. వెండిని దారంలా తీసి, రెండు పోగులు మెలేసి, చదును చేసి, ఫ్రేములో నింపి, పొడి టంకంతో అతికే పని అది, అప్పటికి నాకా సంగతి తెలీదు, తెలిశాక సిగ్గేసింది. వాళ్ళ దగ్గర కూడా మనం ప్లేట్లు, అత్తరుదాన్లు, మళ్ళీ నెమలే అడుగుతాం. తూనీగ రెక్క ఎప్పుడైనా వెలుతురుకి పెట్టి చూశారా, అంచుకి లావు తీగ, లోపలంతా సన్న తీగల గళ్ళు, అది పుట్టుకతోనే ఫిలిగ్రీ. ఇండియా వెళ్ళినప్పుడు ఒక తూనీగ కావాలని అడిగి చూడండి, బేరం లేకుండా.

"బల్లులూ తూనీగలూ ఎవరు పెట్టుకుంటారమ్మా, శుభమా అశుభమా" అంటారు, నాకు తెలుసు. పులిగోరు పెట్టుకున్న జాతి మనది. నిజం పులి గోరు పీకి బంగారంలో పొదిగి పిల్లాడి మెళ్ళో వేశాం, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక అది నేరం, మంచిదయింది. దానితో పోలిస్తే నా బల్లి ఎవరికీ ఏ హానీ చేయలేదు. ఇంకొకటి, మెరవాల్సిన చోట మెరిసి మిగతా చోట నల్లబడటం వెండికి వచ్చినట్టు బంగారానికి రాదు. పొలుసుల సందులు నల్లగా రావాలంటే ఉడకబెట్టిన కోడిగుడ్డు నలిపి డబ్బాలో నగతో పాటు మూతపెట్టి వదిలేయండి, గుడ్డులోని గంధకం పని చేసిపెడుతుంది, వాసన మాత్రం మా ఆయన్నడిగితే చెప్తాడు. మార్కెట్లో ఆక్సిడైజ్డ్ పేరుతో అమ్మే జర్మన్ సిల్వర్‌లో వెండి ఒక్క రవ్వ కూడా ఉండదు, రాగి, నికెల్, జింకు, అది వేరే కథ.

మొన్న అమ్మకి మా పెరట్లో ఉడతని చూపిస్తే "ఇదేంటే, రాముడి చారల్లేవు" అంది. లేవు, ఈ బూడిద ఉడత అమెరికా నుంచి తెచ్చి ఇక్కడ వదిలినది, మనలాగే వలసది, ఇక్కడివాళ్ళకి దాని మీద కోపం కూడా ఉంది. చారల్లేని ఉడత ఒకటి నా నోటుబుక్‌లో ఉంది, ఇంకా వెండిదాకా రాలేదు. దానికన్నా ముందు ఒక పెళ్ళి పని ఉంది.

ఆగస్టులో మా చెల్లి పెళ్ళి, మెట్టెలు నేనే చేస్తానని మాటిచ్చా. చేపల మెట్టెలు ఎలాగూ ఉన్నాయి, నాకేమో నక్కతోక మెట్టెలు చేయాలనుంది. నక్కతోక తొక్కొచ్చావా అంటాం కదా, ఇక రోజూ తొక్కుతూనే ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళకి ఈ జోకు చెప్పలేం, టీచర్‌కి చెప్పబోయి మధ్యలో ఆపేశా. నక్కలకి ఇక్కడ కరువు లేదు, రాత్రి పదకొండింటికి మా బిన్ దగ్గరకి ఒకటి వస్తుంది, వంటింట్లో లైటు తీసేసి నిలబడి రెండు వారాలుగా దాని తోకే చూస్తున్నా. బొచ్చు లోతుగా చెక్కితే సాక్సు దారాలు పట్టుకుని లాగుతాయి, ఈ చలిదేశంలో ఏడాదిలో తొమ్మిది నెలలు సాక్సులే, కాబట్టి గీతలు లోతు లేకుండా, అన్నీ కొస వైపుకే వాలేలా గీయాలి. తోకంతా ముదురు రంగు, చివర ఒక్క బెత్తెడు తెలుపు. అంటే గుడ్డు డబ్బాలోంచి తీశాక ఆ కొస మాత్రం మళ్ళీ మెరిసేదాకా రుద్దాలి, ఎక్కడిదాకా రుద్దాలో ఇంకా తేలలేదు, ఇవాళ రాత్రి అది వస్తే చూడాలి.