ముందు లిపా, ముందు మాటా? కొరియన్ తొలి పుస్తకంపై వదిన, మరిది వాదం

ఇంటర్ పూర్తిచేసిన అమ్మాయి కొరియన్ నేర్చుకుంటానంది. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలన్న దగ్గర ఆమె పెద్దమ్మకూ నాన్నకూ కుదరలేదు. పెద్దమ్మ హైదరాబాదులో కొరియన్ పాఠాలు చెబుతారు. నాన్న పెనుకొండ వైపు కార్ల విడిభాగాల కంపెనీలో కొరియన్ ఇంజినీర్లకు దుబాసి. నేను వదిన పక్షమని ముందే చెప్పేస్తున్నాను. అయినా మరిది లేవనెత్తిన ప్రశ్నల్లో కొన్నింటికి ఆమె దగ్గర జవాబు లేకపోయింది. వాటినీ ఉన్నదున్నట్టే రాశాను.

మరిది: వదినా, మీరు ఎంచిన పుస్తకం తిరగేశాను. సగం దాకా అక్షరాలే. గడులు, గీతలు, దిద్దడాలు. ఒక్క పలకరింపు కూడా లేదు. నేను తెచ్చింది చూడండి. వెయ్యి మాటలు, ప్రతి మాటకూ బొమ్మ, కింద ఉచ్చారణ. ఇవాళ తెరిస్తే ఇవాళే నాలుగు మాటలు నోటికి వస్తాయి. పిల్లకు ఉత్సాహం నిలవాలంటే ఇదే దారి.

వదిన: ఉచ్చారణ ఏ లిపిలో ఇచ్చారు?

మరిది: ఇంగ్లీషు అక్షరాల్లో.

వదిన: అయితే ముందు దాని సంగతి తేల్చుకుందాం. దక్షిణ కొరియా రాజధానిని మన పత్రికలు సియోల్ అని రాస్తాయి. ఆ ఊళ్లో అలా ఎవరూ అనరు. 'సొఉల్' అన్నదానికి దగ్గరగా పలుకుతారు. ఇంగ్లీషు రాతలో ఆ మొదటి అచ్చుకు ఇ, ఓ అని రెండు అక్షరాలు పెడతారు, మనం ఆ రెండింటినీ విడదీసి చదివేశాం. 2000లో కొరియా ప్రభుత్వం తెచ్చిన రోమన్ పద్ధతి కూడా ఆ అచ్చును అలాగే రాస్తుంది. అంటే నువ్వు తెచ్చిన పుస్తకంలో ఆ అచ్చు ఉన్న ప్రతి మాటనూ అమ్మాయి తప్పుగానే నేర్చుకుంటుంది. ఒకసారి నోటికి పట్టిన తప్పును వదిలించడానికి నాకు నెలలు పడుతుంది శ్రీనూ.

మరిది: సరే, ఇంగ్లీషు వదిలేద్దాం. తెలుగులో రాసుకుంటే ఏమిటి అభ్యంతరం? కొరియన్‌లో బిగబట్టి పలికే హల్లు ఒకటి, గాలి వదిలి పలికేది ఇంకొకటి. మనకు త ఉంది, థ ఉంది. ఇంగ్లీషులో 'టి' అక్షరం చూస్తే మన పిల్లలు ట అంటారు, నాలుక మడత పడిపోతుంది. అదే త అని రాసి ఉంటే నాలుక తిన్నగా పళ్ల వెనక్కి వెళుతుంది. నేను మొదటి ఏడాదంతా తెలుగులోనే రాసుకున్నాను. మా ఇంజినీర్లకు నా మాట ఎప్పుడూ అర్థమవుతూనే ఉంది.

వదిన: ఇందులో సగం ఒప్పుకుంటాను. ఇంగ్లీషు కంటే తెలుగు నయం, సందేహం లేదు. కానీ అక్కడ హల్లులు రెండు రకాలు కాదు, మూడు. తల్ అంటే చందమామ, త్తల్ అంటే కూతురు, థల్ అంటే ముఖానికి పెట్టుకునే మాస్కు. రెండోది మన త, మూడోది మన థ. మరి మొదటిదాన్ని ఎక్కడ పెడతావు? మాట మొదట్లో అది త కాదు, థ కాదు. రెండు అచ్చుల మధ్య పడితే ద అవుతుంది. ఇప్పటి సియోల్ యువత నోట మొదటిదానికీ మూడోదానికీ తేడా చాలామటుకు గొంతు స్థాయిలోనే వినిపిస్తుంది. అది ఏ లిపిలో రాసినా కనపడదు, చెవితో పట్టుకోవలసిందే. మాంసాన్ని కోగి అంటారు. మనం క, గ అని రెండు అక్షరాలు రాశాం. వాళ్లు రెండుచోట్లా ఒకే అక్షరం రాస్తారు. తెలుగు రాతతో నేర్చుకున్న పిల్ల అసలు మాటను చూసినప్పుడు రెండో అక్షరం కోసం వెతుక్కుంటుంది.

మరిది: అది చిన్న చిక్కు.

వదిన: పెద్దది కూడా చెబుతాను. ఫ అని రాసి చదివించు. మన పిల్లలు ఫోను, ఫ్యాను అన్నట్టే పెదవిని పళ్లకు తగిలించి చదువుతారు. కొరియన్‌లో ఆ ధ్వని లేనే లేదు. వాళ్లది పెదవులు రెండూ మూసి, గాలితో వదిలే అసలు ఫ, మన పాత వ్యాకరణాలు చెప్పినది. మన అక్షరమే మనల్ని తప్పుదారి పట్టిస్తున్నప్పుడు దాన్ని ఎలా నమ్మను? ఇక పెదవులు గుండ్రంగా చుట్టకుండా పలికే ఉ ఉంది. దానికి తెలుగులో గుర్తే లేదు.

మరిది: గుర్తు లేదనే కదా ఆడియో ఉన్నది. వింటుంది, పలుకుతుంది. మీరు లిపి లిపి అంటున్నారు, మా దగ్గర అక్షరం ముక్క రాకుండానే ఇంజినీర్లతో పని నడిపే కుర్రాళ్లు ఉన్నారు. కియా కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక మా చుట్టుపక్కల కొరియన్ చెవిన పడటం మామూలైపోయింది. వాళ్లు వినే నేర్చుకున్నారు.

వదిన: ఎంతవరకు నేర్చుకున్నారు? యంత్రం మీద రాసిన హెచ్చరిక చదవగలరా? పిత్ అన్న శబ్దం వినిపించిందనుకో. దువ్వెన కావచ్చు, అప్పు కావచ్చు, వెలుతురు కావచ్చు. మూడూ అలాగే వినిపిస్తాయి, రాతలో మూడూ వేరు. చివరి హల్లు ఒక్కొక్కదానికి ఒక్కొక్కటి. వెనక ప్రత్యయం చేరితే అప్పుడు బయటపడతాయి, పిషి, పిజి, పిఛి అని. రాత తెలిసిన పిల్లకు ఇది ముందే తెలుసు. చెవి మీదే ఆధారపడ్డ పిల్లకు ఒకే మాట మూడు వేషాలు వేసినట్టు ఉంటుంది.

ఇక్కడ మరిది కాసేపు మాట్లాడలేదు. వదిన తన పుస్తకం తెరిచి హల్లుల పేజీ ఆయన ముందు పెట్టారు.

వదిన: ఇది చూడు. ఈ లిపిని సెజోంగ్ రాజు 1443లో రూపొందించి 1446లో ప్రకటించాడు. అప్పటిదాకా చైనా అక్షరాలు చదువుకోగల కొద్దిమందికే రాత. అక్షరాలను ఎలా రూపొందించారో వివరించే ఆనాటి గ్రంథం 1940లో బయటపడింది. గ అక్షరం నాలుక మొదలు పైకి లేచి గొంతును మూసిన ఆకారం. న అక్షరం నాలుక కొన పైచిగురును తాకిన ఆకారం. మ నోటి బొమ్మ, స పంటి బొమ్మ. గ మీద ఒక్క గీత కలిపితే గాలి హల్లు, గ పక్కన గ రాస్తే బిగబట్టే హల్లు. ఇలా కుటుంబాలుగా నేర్పే పుస్తకం చేతికిస్తే 24 అక్షరాలు బట్టీ పట్టనక్కరలేదు. నిఘంటువు వరుసలో ఒకటి తర్వాత ఒకటి దిద్దించే పుస్తకాన్ని నేనూ కొనను. తెలివైనవాడికి ఒక్క పూట చాలు, మందబుద్ధికి పది రోజులు చాలు అని ఆ గ్రంథం చివర రాజు కొలువులోని పండితుడు చొంగ్ ఇన్‌జీ రాశాడు. పది రోజుల పనికి ఊతకర్రలు దేనికి?

మరిది: అక్షరాలు గుర్తుపట్టడానికి పది రోజులు. చదవడానికి కాదు. పది రోజుల తర్వాత కూడా మీ విద్యార్థులు ఒక వాక్యాన్ని కూడబలుక్కుంటూనే ఉంటారు, అవునా కాదా?

వదిన: అవును.

మరిది: ఎందుకంటే వాళ్లకు మాటలు తెలియవు. మాట ముందే తెలిస్తే కన్ను దాన్ని పోల్చుకుంటుంది. మీ పుస్తకంలో పన్నెండో పేజీ చూడండి. అర్థం లేని గుణింతాలు పేజీ నిండా ఉన్నాయి. ఏ కొరియన్ మనిషీ పలకని శబ్దాలు. వాటి బదులు అచ్చులు నేర్పిన రోజే అఇ, ఒఇ, ఉయు పెట్టవచ్చు కదా? బిడ్డ, దోసకాయ, పాలు. అచ్చులతోనే మూడు మాటలు వచ్చాయి. న, మ, బ నేర్పగానే నము, నబి. చెట్టు, సీతాకోకచిలుక. ప్రతి అక్షరాన్నీ నిజమైన మాటతో పరిచయం చేయని లిపి పుస్తకం నాకు వద్దు.

వదిన: ఈ మాట నాకు నచ్చింది. పన్నెండో పేజీని నేను వెనకేసుకురాను. అయితే ఒక్క సంగతి. కింద రాసే హల్లు దగ్గర మాత్రం అదనంగా దిద్దించాలి. మనకు ఒత్తు అలవాటు. కింద అక్షరం కనపడితే మన పిల్లలు పై హల్లుతో కలిపేస్తారు. హ, అ, కింద న ఉంటే హన్ అనాలి. మొదట్లో హ్న అని చదివినవాళ్లు నా తరగతిలో ఎందరో. తెలుగు పిల్లలకు వచ్చే ఈ చిక్కును బయటి పుస్తకం ఏదీ ఊహించదు. అక్కడ నేను పక్కన కూర్చుంటాను.

మరిది: కూర్చోండి. ఇక మాటల పుస్తకం సంగతి. వెయ్యి మాటలది ఉంచుదామా?

వదిన: ఏ వెయ్యి? కొరియా జాతీయ భాషా సంస్థ 2003లో విదేశీ విద్యార్థుల కోసం 5,965 మాటల జాబితా ఇచ్చింది. మూడు అంచెలు. మొదటి అంచెలో 982. ప్రభుత్వ పరీక్ష టోపిక్ మొదటి స్థాయికి దాదాపు 800 మాటలు చాలంటారు. నీ పుస్తకంలో జిరాఫీ ఉంది, పైనాపిల్ ఉంది. ఇస్సొయొ, ఒప్సొయొ ఎక్కడ? ఉంది, లేదు అన్న మాటలు రాకుండా జిరాఫీతో ఏం చేస్తుంది?

మరిది: వాటికి బొమ్మ వేయలేరు గనక వదిలేసి ఉంటారు. నిజమే, తప్పే. ఇంకా పెద్ద తప్పు నాకే కనపడింది. క్రియలన్నీ నిఘంటువు రూపంలో ఇచ్చారు. వెళ్లడానికి కద అని ఉంది. ఎదురుగా ఉన్న మనిషితో ఎవరూ అలా అనరు, కయొ అంటారు. తినడానికి మొక్త అని ఉంది. పెద్దవాళ్లతో భోంచేయండి అనడానికి ఆ మాట వాడకూడదు, తుసెయొ అనాలి. మొదటి వారంలో మా మేనేజరుతో ఆ మొక్త రూపం వాడితే ఆయన మొహం మారింది. మనం పెద్దాయనను నువ్వు అన్నట్టు ఉంటుంది వదినా. మర్యాద రూపం లేకుండా క్రియ నేర్పే పుస్తకం తెలుగు పిల్లకు అస్సలు పనికిరాదు. ఎందుకంటే ఆ తేడా మనకు పుట్టుకతోనే తెలుసు, చూపిస్తే చాలు పట్టేస్తుంది.

వదిన: అంకెలు?

మరిది: అంకెలు విడిగా వద్దు. వాళ్లకు సొంత అంకెలు కొన్ని, చైనా నుంచి వచ్చినవి కొన్ని. రెండు వరుసలూ పక్కపక్కన అచ్చువేస్తే బుర్ర తిరుగుతుంది. సె షి సమ్షిప్ పున్ అని నేర్పాలి. మూడున్నర. గంటకు సొంత అంకె, నిమిషానికి చైనా అంకె. షిఫ్టు మారే వేళ చెప్పడం నేర్చుకుంటే రెండు వరుసలూ వచ్చేస్తాయి.

వదిన: పిల్లల కథల పుస్తకాలు కూడా కొంటానన్నావట.

మరిది: తేలికగా ఉంటాయని.

వదిన: తేలిక కాదు. నిండా ధ్వన్యనుకరణలే. కుక్క అరుపు, వాన చప్పుడు, బుడిబుడి నడక. ఆ దేశంలో పుట్టిన మూడేళ్ల బిడ్డకు అవి తెలుసు, మన అమ్మాయికి తెలియవు. ఏడాది తర్వాత చూద్దాం.

మరిది: సరే. ఒక్కటి అడుగుతాను. రాసినట్టు పలకరని మీరే అంటారు. హప్నిద అని రాసి హమ్నిద అంటారు. అప్పుడు మీ లిపి కూడా మోసం చేసినట్టే కదా? నా తెలుగు రాతలో హమ్నిద అనే ఉంటుంది.

వదిన: ఇది మోసం కాదు, అమ్మాయి పదో తరగతిలో చదివిన అనునాసిక సంధి. వాక్కుకు మయం చేరితే వాఙ్మయం. జగత్తుకు నాథుడు చేరితే జగన్నాథుడు. కుక్ అంటే పులుసు, ముల్ అంటే నీళ్లు, కలిస్తే కుఙ్ముల్. సూత్రం అదే. మనం మారిన ధ్వనిని రాస్తాం, వాళ్లు మూలాన్ని అలాగే ఉంచి మార్చి చదువుతారు. నీ రాతలో కుఙ్ అని ఉంటే అందులో పులుసు ఉందని ఎలా తెలుస్తుంది? ఈ సూత్రాన్ని రెండో నెలలో చెప్పే పుస్తకం కావాలి. మొదటి వారంలోనే పట్టిక వేసి భయపెట్టేది వద్దు.

మరిది: అయితే లెక్క ఇది. కుటుంబాలుగా అక్షరాలు, ప్రతి అక్షరానికీ నిజమైన మాట, కొరియన్ గొంతుతో ఆడియో ఉన్న పలుచని లిపి పుస్తకం. దాని వెనక, వాక్యాలతో, మర్యాద రూపాలతో ఉన్న ఎనిమిది వందల మాటలు. నా వెయ్యి మాటలది తిరిగి ఇచ్చేస్తాను.

వదిన: ఆ రెండో పుస్తకంలోనూ ఇంగ్లీషు అక్షరాల ఉచ్చారణ ఉంటే ఆ వరుసల మీద కాగితం అంటించి ఇస్తాను.

మరిది: అంటించండి. మొదటి పది రోజులు అమ్మాయి పక్కన పెన్సిల్‌తో తెలుగులో రాసుకుంటుంది. అది మాత్రం నేను ఆపను.

వదిన: పదకొండో రోజున నేనే రబ్బరు పట్టుకుని వస్తాను.

మరిది: రండి. ఆ రోజు ఆమె చేత చదివించి, ఆ తర్వాత చెరపండి.