సవరణ: పాత కాంక్రీటు గచ్చు మీద టైల్స్

హన్మకొండ పాత బిల్డింగుల గురించిన పోస్టులో ‘గచ్చు ఊడ్చి, సిమెంటు పాలు (నీళ్లలో పలచగా కలిపిన సిమెంటు) పోసి టైల్స్ పరవండి’ అని ఉంది. అది సరిపోదు.

ముందు సుత్తితో తట్టండి. డొల్ల శబ్దం వస్తే గట్టి పొర తగిలేదాకా చెక్కాలి. నీటిచుక్క ఇంకకుండా గుండ్రంగా నిలిచిందా, పైన నూనో మైనం పాలిషో ఉన్నట్టే. గ్రైండర్ పట్టాల్సిందే, లేకపోతే సిమెంటు పాలు ఆ పొర మీద పెచ్చులా లేస్తాయి, టైల్‌తో సహా.

చెమ్మ చూడ్డానికి అడుగున్నర చదరం పాలిథీన్ షీటు నాలుగంచులా టేపు వేసి కనీసం 16 గంటలుంచండి. అడుగున చుక్కలు పట్టినా, గచ్చు నల్లబడినా పని ఆపండి. మేస్త్రీ తొందరపెడతాడు, వినొద్దు.

రెండడుగుల టైల్స్‌కైతే 10 అడుగుల తిన్నని బద్ద గచ్చు మీద ఆనిస్తే దాని కింద 3 మి.మీ. మించి సందు ఉండొద్దు.

డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) గచ్చయితే వాటర్‌ప్రూఫ్ పూత కొట్టకండి, చెమ్మ గోడలెక్కుతుంది.