కొమ్ము కొనలు లెక్కపెడితే జింక వయసు తెలియదు

తెల్లతోక జింక వేటకి కొత్తగా వెళ్ళేవాళ్ళ కోసమంటూ ఒక సందేశం కొన్నాళ్ళుగా ఫోన్ నుంచి ఫోన్‌కి తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. అందులో ఆరు సలహాలున్నాయి. కొమ్ముల కొనలన్నీ లెక్కపెట్టి రెండుతో భాగిస్తే జింక వయసు వస్తుందట. మూతి నెరిసి ఉంటే ముసలిదట. తలకి గురిపెడితే బాధ లేకుండా పోతుందట. తూటా పెద్దదైతే గురి కాస్త తప్పినా ఫరవాలేదట. నారింజ రంగు జాకెట్ వేసుకుంటే జింక దూరం నుంచే చూసి పారిపోతుందట. దెబ్బ తగిలిన వెంటనే దాని వెనక పరిగెత్తాలట. ఈ ఆరింటిలో ఒక్కటీ నిజం కాదు. కొన్ని జింకకి నరకం చూపిస్తాయి, ఒకటి మనిషి ప్రాణమే తీయగలదు. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందుగా ఒక విషయం. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకల వేట నేరం. నేను మాట్లాడేది అమెరికా, కెనడాల్లో లైసెన్స్ తీసుకుని, సీజన్‌లో, కోటా ప్రకారం జరిగే తెల్లతోక జింక వేట గురించి.

మొదటి సలహాకి వద్దాం, ఎక్కువమంది నమ్ముతున్నది దాన్నే. ఎనిమిది కొనలుంటే నాలుగేళ్ళు, పది ఉంటే ఐదేళ్ళు. వినడానికి చక్కగా ఉంటుంది. కానీ జింక కొమ్ము ఎద్దు కొమ్ము లాంటిది కాదు. ఎద్దుకి, మేకకి, గొర్రెకి కొమ్ము పుట్టాక జీవితాంతం ఉంటుంది. లోపల ఎముక, పైన గోరు లాంటి తొడుగు. జింక కొమ్ము అచ్చంగా ఎముక, అదీ ఏడాదికే. వసంతంలో నుదుటి మీద మొలుస్తుంది. మఖమల్ గుడ్డ లాంటి తోలు కప్పుకుని, ఆ తోలులోని రక్తనాళాలతో పెరుగుతుంది. వేసవి చివరికి గట్టిపడుతుంది. అప్పుడు జింక చెట్లకి రాసి ఆ తోలు ఊడగొట్టుకుంటుంది. జోడు కట్టే కాలం అయ్యాక, చలికాలంలోనో ఆ తర్వాతనో, కొమ్ము మొత్తం ఊడి కింద పడిపోతుంది. మళ్ళీ వసంతానికి కొత్తది. ఇలా ఏటా మొదటి నుంచి మొదలయ్యేదాంట్లో పోయినేటి లెక్క ఎక్కడ మిగులుతుంది? చెట్టు మానులో వలయాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఇక్కడ పేరుకునేది ఏమీ లేదు.

ఈ పొరపాటు మన భాషలో ఇంకా తేలిగ్గా పాకుతుంది. ఊడిపోయేదాన్నీ కొమ్మే అంటాం, ఊడిపోనిదాన్నీ కొమ్మే అంటాం. దుప్పినీ జింక అంటాం, కృష్ణజింకనీ జింక అంటాం. కృష్ణజింక అసలు ఈ కుటుంబంలోదే కాదు, ఆవు మేకల కుటుంబంలోది. దాని కొమ్ము ఊడదు. దాని మీద పదుల కొద్దీ కట్లుంటాయి గానీ అవి ఏడాదికొకటి చొప్పున వచ్చేవి కావు. కొండగొర్రెల కొమ్ముల మీద మాత్రం నిజంగానే ఏడాదికో గీత పడుతుంది, దాన్ని లెక్కపెట్టి వయసు చెబుతారు. ఆ సంగతి విన్నవాళ్ళెవరో దాన్ని తెచ్చి జింకకి అంటగట్టి ఉంటారని నా అనుమానం.

ఈ లెక్క ఎంత తప్పో తెలియాలంటే చుక్కల దుప్పిని చూస్తే చాలు. ఎదిగిన మగ దుప్పికి మామూలుగా ఒక్కో కొమ్ముకి మూడు కొనలుంటాయి. మొత్తం ఆరు, రెండుతో భాగిస్తే మూడు. ఈ లెక్కన అడవిలో ఉన్న పెద్ద దుప్పులన్నిటికీ ఎప్పుడు చూసినా మూడేళ్ళే.

తెల్లతోక జింకలో కొనల సంఖ్యని నిర్ణయించేవి మూడు: వయసు, తిండి, వంశం. మంచి పొలాలు, మొక్కజొన్న, సోయా దొరికే చోట ఏడాదిన్నర మగపిల్లకే ఎనిమిది కొనలు రావచ్చు. అదే వయసు జింకకి బీడు నేలలో రెండు సూదుల్లాంటి కొమ్ములే రావచ్చు. కరువు ఏడాది ఎదిగిన జింక కొమ్ములు కూడా చిన్నబోతాయి. ఐదారేళ్ళ వయసులో కొమ్ము బాగా ఎదిగి, ముసలితనంలో తగ్గడం మొదలుపెడుతుంది. అంటే పదేళ్ళ జింకకి నాలుగేళ్ళ జింక కంటే తక్కువ కొనలుండొచ్చు. సందేశంలోని లెక్క అప్పుడు దాన్ని పిల్లని చేస్తుంది.

నా మొదటి సీజన్‌లో నేనూ ఈ లెక్కే నమ్మాను. ఎనిమిది కొనల మగజింక. నాలుగేళ్ళు నిండినది, దాని కాలం అది బతికింది అనుకుని కాల్చాను. వేటాడిన జింకల్ని తెచ్చి చూపించే చెకింగ్ స్టేషన్‌లో ఒక జీవశాస్త్రవేత్త దాని దవడ తెరిచి, టార్చి వేసి, లోపలి వరసలో మూడో పన్ను చూపించారు. అరిగిపోయి పసుపెక్కిన పన్ను, మూడు గడ్డలుగా ఉంది. "ఇది పాలపన్ను. ఇంకా ఊడలేదు. ఏడాదిన్నర" అన్నారు. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా నేను కొనలు లెక్కపెట్టి ట్రిగ్గర్ మీద వేలు పెట్టలేదు.

ఆ పన్ను గురించి కాస్త వివరంగా చెప్పాలి. పశువుల వయసు పళ్ళు పట్టి చెప్పేవాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు. జింకకి పైన ముందుపళ్ళు ఉండవు, గట్టి చిగురు ఉంటుంది. చూడాల్సినవి కింది దవడలో బుగ్గ వైపు పళ్ళు. ఎదిగిన జింకకి ఒక్కో పక్క ఆరు ఉంటాయి: ముందు మూడు చిన్నవి, వెనక మూడు పెద్దవి. ఆరు నెలల పిల్లకి నాలుగో ఐదో మాత్రమే కనిపిస్తాయి. ముందు నుంచి మూడోది పాలపన్నుగా ఉన్నప్పుడు దానికి మూడు గడ్డలు. దాదాపు పంతొమ్మిదో నెలకి అది ఊడి, దాని చోట రెండు గడ్డల శాశ్వత పన్ను తెల్లగా, పదునుగా వస్తుంది. వేట సాధారణంగా నవంబరు చుట్టూ, పిల్లలు పుట్టేది మే, జూన్ నెలల్లో. అందుకే వేటగాళ్ళు జింక వయసుని ఏడాదిన్నర, రెండున్నర, మూడున్నర అంటారు. నవంబరులో ఆ మూడు గడ్డల పన్ను ఇంకా ఉంటే ఏడాదిన్నర, రెండు గడ్డల పన్ను వచ్చేసి, దాని మీద అరుగుదల కూడా ఉంటే అంతకంటే పెద్దది. ఇక్కడిదాకా పొరపాటుకి చోటు చాలా తక్కువ.

ఆ పైన అరుగుదల చూడాలి. వెనక పళ్ళ మూడింటిలో మొదటిది అన్నిటికంటే ముందు వస్తుంది కాబట్టి అన్నిటికంటే ముందు అరుగుతుంది. పన్ను పైభాగాన తెల్లటి ఎనామిల్ మధ్య గోధుమరంగు డెంటిన్ గీత కనిపిస్తుంది. అరిగే కొద్దీ ఆ గోధుమ గీత వెడల్పవుతుంది. మొదటి పెద్ద పన్నులో గోధుమ గీత పక్కనున్న తెల్ల గీత కంటే వెడల్పయిందా, రెండో పన్నులోనూ అయిందా అని వరసగా చూసుకుంటూ పోతారు. న్యూయార్క్‌లో పనిచేసిన వన్యప్రాణి జీవశాస్త్రవేత్త సెవెరింగ్‌హాస్ 1949లో ప్రచురించిన పద్ధతి ఇది. ఇప్పటికీ చెకింగ్ స్టేషన్లలో దీన్నే వాడతారు.

అయితే దీన్నీ గుడ్డిగా నమ్మకూడదు. ఇసుక నేల మీద మేసే జింక పళ్ళు త్వరగా అరుగుతాయి. రెండున్నర దాటాక అనుభవం ఉన్నవాళ్ళు కూడా ఏడాది రెండేళ్ళు తేడాగా చెబుతారు. కచ్చితంగా కావాలంటే ముందుపన్ను ఒకటి తీసి ల్యాబ్‌కి పంపాలి. అక్కడ వేరుని పలచగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద సిమెంటమ్ (వేరు మీద పేరుకునే గట్టి పదార్థం) పొరలు లెక్కపెడతారు. ఏడాదికో పొర ఏర్పడేది అక్కడ. చలికాలం గట్టిగా ఉండే అమెరికా ఉత్తర ప్రాంతాల్లో ఈ పొరలు ఇంకా స్పష్టంగా ఉంటాయి. సందేశం రాసిన మనిషికి లెక్కపెట్టాలన్న సరదా ఉంటే లెక్కపెట్టాల్సినవి ఇవి.

"మరి బతికున్న జింక నోరు తెరిచి చూడలేం కదా" అంటారు. నిజమే. అప్పుడు ఒళ్ళు చూడాలి, మూతి రంగు కాదు. మూతి మీద తెలుపు జింకకీ జింకకీ మారుతుంది, దాన్ని పట్టుకుని వయసు చెప్పలేం. ఏడాదిన్నర మగజింక ఆడజింకకి కొమ్ములు పెట్టినట్టుంటుంది: సన్నటి మెడ, పొడుగు కాళ్ళు, పలచటి ఒళ్ళు. మూడున్నరకి పందెం గుర్రంలా తయారవుతుంది. ఛాతీ లోతవుతుంది, మెడ బలుస్తుంది, కానీ మెడ ఎక్కడ అయి భుజం ఎక్కడ మొదలవుతుందో గీత తెలుస్తూనే ఉంటుంది. ఐదున్నర దాటితే ఆ గీత చెరిగిపోతుంది. మెడ నేరుగా ఛాతీలో కలిసిపోతుంది, పొట్ట జారుతుంది, ఆ బరువు ఒంటికి కాళ్ళు పొట్టిగా కనిపిస్తాయి. ఒక జాగ్రత్త: జోడు కట్టే కాలంలో హార్మోన్ల వల్ల మెడ ఉబ్బుతుంది. సెప్టెంబరులో చూసిన మెడనీ నవంబరులో చూసిన మెడనీ ఒకే కొలతతో కొలవకూడదు. అనుమానంగా ఉంటే వదిలేయడమే. ఇంకో ఏడాది బతకనివ్వండి.

తలకి గురి పెట్టమన్న సలహా చదివినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. జింక మెదడు పిడికిలంత కూడా ఉండదు. తల ఒక్క క్షణం నిలకడగా ఉండదు, చెవి విదిలిస్తుంది, ఈగని తోలుతుంది, మేత కోసం వంగుతుంది. నాలుగు వేళ్ళ తేడా వస్తే తూటా దవడని పగలగొడుతుంది. దవడ పోయిన జింక పారిపోతుంది, తినలేదు, నీళ్ళు తాగలేదు, రోజుల తరబడి చస్తుంది. దాన్ని ఎవరూ చూడరు కాబట్టి ఈ సలహా ఇచ్చినవాళ్ళకి ఆ సంగతి తెలియదు. గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు దాదాపు ఇరవై సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. జింక పక్కకి తిరిగి నిలబడినప్పుడు ముందుకాలు వెనక అంచుని ఆనుకుని, ఛాతీ కింది గీత నుంచి మూడో వంతు ఎత్తున గురి ఉండాలి. అక్కడ కాస్త అటూ ఇటూ అయినా ఊపిరితిత్తులకి తగులుతుంది, జింక సెకన్లలో పడిపోతుంది. ఏటవాలుగా అవతలికి తిరిగి ఉంటే తూటా లోపల నుంచి అవతలి ముందుకాలి వైపు వెళ్ళేలా చూసుకోవాలి. వెనక నుంచి నేరుగా కనిపిస్తుంటే కాల్చకూడదు, అంతే. ఇంకో కారణం కూడా ఉంది. జింకలకి సోకే సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) అనే ప్రాణాంతక జబ్బు పరీక్షకి మెదడు మొదలు దగ్గర, గొంతు వెనక ఉన్న గ్రంథుల దగ్గర నుంచి నమూనా తీస్తారు. వయసు చెప్పే దవడ ఉండేదీ తలలోనే. తల చితికితే ఈ రెండూ పోతాయి.

పెద్ద తూటా సంగతి చిన్నది. పొట్టలో తగిలిన పెద్ద తూటా పొట్టలో తగిలినట్టే, ఊపిరితిత్తుల్లో తగిలినట్టు కాదు. పైగా పెద్ద తుపాకీ భుజాన్ని గట్టిగా తంతుంది. ఆ తన్నుకి భయపడినవాడు ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్ళు మూసి తుపాకీని కదిలిస్తాడు, గురి తప్పేది అక్కడే. 243 విన్‌చెస్టర్ లాంటి తేలిక తూటా, లోపల విచ్చుకునే రకం, సరైన చోట తగిలితే తెల్లతోక జింకకి చాలు. తుపాకీ కొనే డబ్బులో కొంత మిగుల్చుకుని తూటాలు కొనుక్కుని, సీజన్‌కి ముందే కూర్చుని, మోకాలి మీద, నిలబడి టార్గెట్ మీద కాల్చి చూసుకోండి.

నారింజ జాకెట్ మాట వల్ల మనుషులు చస్తారు. మన కంట్లో రంగులు పట్టే కణాలు మూడు రకాలు, జింక కంట్లో రెండే. నారింజని, ఎరుపుని మనం చూసినట్టు అది చూడలేదు, దానికి ఆ రంగు ఆకుల మధ్య మసకగా కలిసిపోతుంది. నీలం మాత్రం దానికి బాగా తెలుస్తుంది, కాబట్టి భయపడితే నీలం జీన్స్‌కి భయపడాలి. పొద మాటున కదిలేది జింక కాదు, మనిషి అని పక్క వేటగాడికి చెప్పేది ఆ నారింజ రంగే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తుపాకీ సీజన్‌లో అది చట్టం. జింక మిమ్మల్ని పసిగట్టేది వాసనతో, కదలికతో. గాలి మీ వైపు నుంచి దాని వైపు వీస్తుంటే ఏ రంగు వేసుకున్నా ఒకటే.

చివరిది, వెంటనే పరిగెత్తడం. దెబ్బ తిన్న జింకని వెంటపడి తరమకపోతే, అది కాస్త దూరంలోనే పడుకుంటుంది. తరిమితే భయంతో ఇంకా ఇంకా పరిగెత్తి, రక్తం గుర్తు లేని చోట చచ్చి, ఎవరికీ దొరకదు. కాల్చాక కదలకుండా ఉండండి. అది ఎక్కడ నిలబడిందో, ఎటు పోయిందో, ఏ చెట్టు దగ్గర చివరిసారి కనిపించిందో గుర్తుపెట్టుకోండి. అరగంట తర్వాత నెమ్మదిగా వెళ్ళి నేల చూడండి. గులాబీ రంగు రక్తంలో నురుగు ఉంటే ఊపిరితిత్తులకి తగిలింది, దగ్గర్లోనే ఉంటుంది. రక్తం బాగా ముదురుగా ఉంటే కాలేయం కావచ్చు, ఇంకొన్ని గంటలు ఆగాలి. పచ్చటి రసం, దుర్వాసన ఉంటే పొట్టకి తగిలినట్టు. అప్పుడు చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేసి, ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆగాకే వెతకాలి. ఎంత టెన్షన్‌గా ఉన్నా ఆగాలి. వెతికేటప్పుడు రక్తం కనిపించిన ప్రతి చోటా కొమ్మకి రంగు రిబ్బన్ ముక్క కట్టుకుంటూ వెళ్ళండి. జాడ తెగిపోతే చివరి రిబ్బన్ దగ్గరికి తిరిగి వచ్చి, అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.