బెంచీ మీది పిల్లాడికి సీజన్ ఎప్పుడు?

జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు. ఇంకో పది రోజులకల్లా హైదరాబాద్‌లో నాలుగు కోన్లు పెట్టుకునేంత జాగా ఉన్న ప్రతిచోటా ఫుట్‌బాల్ సెలక్షన్స్ మొదలవుతాయి. పీఈటీ సార్లు, అకాడమీ కోచ్‌లు, ఆదివారాలు ఊరికే పోతున్నాయని ఈ బరువు నెత్తికెత్తుకున్న నాలాంటి పాత ఆటగాళ్లు, అందరిదీ ఒకటే హడావిడి. కొత్తగా అండర్-13 జట్టుకి హెడ్ కోచ్ అయిన కుర్రాడొకడు మొన్న ఫోన్ చేశాడు. అడిగిన మొదటి మాట: "అన్నా, 4-3-3 పెట్టాలా, 4-4-2 నా?"

"పిల్లలెంతమంది?" అన్నాను.

"పద్దెనిమిది."

"ఈ ఏడు మ్యాచ్‌లెన్ని?"

అటువైపు కాసేపు మాట లేదు.

తప్పు అతనిది కాదు. గ్రౌండ్‌లో ఎవరెక్కడ నిలబడాలో చెప్పే 4-3-3 లాంటి ఫార్మేషన్లు, డ్రిల్స్, పాసింగ్ ట్రయాంగిల్స్ అన్నీ ఫోన్‌లో దొరుకుతాయి. కోచింగ్ లైసెన్సుల్లో తొలి మెట్లలో ఒకటైన డి లైసెన్స్ కోర్సుకి వెళ్తే ఒక సెషన్ ఎలా నడపాలో నేర్పుతారు. కానీ పద్దెనిమిది మంది పిల్లలకి ఈ ఏడాది ఎన్ని నిమిషాల ఆట దొరుకుతుందన్న లెక్క ఎవరికి వారు కూర్చుని వేసుకోవాల్సిందే. చాలామంది ఆ లెక్క వెయ్యరు. వేస్తే భయమేస్తుంది కాబట్టి.

వేసి చూద్దాం. మన దగ్గర పిల్లల ఫుట్‌బాల్ చాలామటుకు ఓడితే ఇంటికే అనే నాకౌట్ టోర్నమెంట్ల మీదే నడుస్తుంది. 16 జట్లు వస్తే మొత్తం మ్యాచ్‌లు 15. మొదటి రౌండ్‌తోనే 8 జట్లు బ్యాగులు సర్దుకుంటాయి. రెండో రౌండ్‌తో ఇంకో 4. అంటే 16లో 12 జట్లకి ఆ టోర్నమెంట్ ఒకటో రెండో మ్యాచ్‌లు. దాని కోసం మూడు నెలలుగా పొద్దున్నే ఐదింటికి లేపి, పాలు తాగించి, బండి మీద తెచ్చి దింపిన తండ్రులున్నారు. ఇక బెంచీ మీద కూర్చున్నవాళ్లకి ఆ ఒకటీ సరిగా ఉండదు. దిగితే చివరి ఐదు నిమిషాలు, అదీ మూడు గోల్స్ ఆధిక్యం ఉంటేనో, మూడు గోల్స్ వెనకబడి ఆశ వదులుకుంటేనో. "నన్నెప్పుడు దింపుతరు సార్?" అని అడిగిన పిల్లాడి మొహం చూడకుండా వాచీ చూసుకున్న కోచ్‌లందరిలో నేనూ ఉన్నాను.

కాబట్టి సీజన్‌కి ముందు హెడ్ కోచ్ చేయాల్సిన మొదటి పని మ్యాచ్‌లు పుట్టించడం. జట్టు ఎంపిక ఆ తర్వాతి ముచ్చట.

ఇందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. చుట్టుపక్కల ముగ్గురు కోచ్‌లకి ఫోన్ చేస్తే చాలు. నాలుగు జట్లు, ఒకరితో ఒకరు రెండేసి సార్లు. జట్టుకి 6 మ్యాచ్‌లు, మొత్తం 12. ఆదివారానికి రెండు చొప్పున ఆరు ఆదివారాల్లో అయిపోతాయి. వానకి రెండు పోయాయనుకున్నా ఎనిమిది. పన్నెండేళ్ల పిల్లలకి పెద్ద గ్రౌండ్, పదకొండు మంది అక్కర్లేదు. తొమ్మిది మందితో, 25 నిమిషాల రెండు హాఫ్‌లు ఆడించండి. తొమ్మిది మంది, 50 నిమిషాలు అంటే మ్యాచ్‌కి 450 నిమిషాల ఆట మీ చేతిలో ఉన్నట్టు. పద్దెనిమిది మందికి పంచితే తలా 25. ఆరు మ్యాచ్‌లకి 150 నిమిషాలు, బెంచీ మీది పిల్లాడికి కూడా. టోర్నమెంట్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవకపోయినా వాడికి ఒక సీజన్ దక్కింది.

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో గోల్డెన్ బేబీ లీగ్స్ పేరుతో పిల్లల కోసం మొదలుపెట్టింది దాదాపు ఇలాంటిదే. ఒక్కరోజులో తేలిపోయే కప్పుల బదులు వారం వారం ఆట. ఆలోచన మంచిది. కానీ మీ కాలనీ దాకా వచ్చేదాకా ఆగితే ఇప్పుడున్న పిల్లలు ఇంటర్‌కి వెళ్లిపోతారు.

సరే, మ్యాచ్‌లు దొరికాయి. ఇప్పుడు సెలక్షన్.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట సెలక్షన్ రోజు పిల్లల్ని వరసలో నిలబెడితే ఒకడు మిగతావాళ్ల కంటే తలంత ఎత్తున్నాడు. బంతి ఆపడం కూడా చూడకుండా "డిఫెన్స్, నువ్విటు రా" అన్నాను. ఆ ఏడాది నిజంగానే గెలిచాం. వాడు చేసేదల్లా ఎదుటివాడికి అడ్డంగా నిలబడి బంతిని ఎంత దూరం వీలైతే అంత దూరం తన్నడం. నేను దాన్ని మెచ్చుకుని చప్పట్లు కొట్టేవాణ్ని. రెండేళ్లలో మిగతావాళ్లు ఎత్తులో వాణ్ని అందుకున్నారు. అప్పటికి వాళ్లకి పాస్ వచ్చు, మలుపు వచ్చు, బంతిని కాళ్ల మధ్య దాచుకోవడం వచ్చు. వాడికి తన్నడమొక్కటే వచ్చు. పదో తరగతిలో ఆట మానేశాడు. వాడికి ఆట రాకుండా చేసింది నేనే. గెలుపు రుచిలో కనబడలేదు.

అండర్-13 అంటే వయసు లెక్కకి కటాఫ్ జనవరి 1. జనవరిలో పుట్టినవాడు, అదే ఏడాది డిసెంబరులో పుట్టినవాడు ఒకే జట్టు. మధ్యలో దాదాపు ఏడాది తేడా. పన్నెండేళ్ల వయసులో ఏడాదంటే నాలుగు వేళ్ల ఎత్తు, గొంతు మారడం, ఊపిరి బలం. చాలా దేశాల్లో చాలా ఆటల్లో పరిశోధకులు చూసింది ఇదే: పిల్లల జట్లలో కటాఫ్ తర్వాతి మొదటి నెలల్లో పుట్టినవాళ్లు ఎక్కువగా, చివరి నెలలవాళ్లు తక్కువగా ఉంటారు. కోచ్ ప్రతిభ అనుకుని ఏరేది చాలాసార్లు పుట్టిన నెలని.

మన దగ్గర దీనికి ఇంకో తిరకాసు ఉంది. బడిలో చేర్చేటప్పుడు సార్లు రాసిన తేదీలు. మా అన్నదమ్ములం ముగ్గురం జూన్‌లోనే పుట్టాం, సర్టిఫికెట్ల ప్రకారం. అమ్మనడిగితే ఒకడు సంక్రాంతికి, ఒకడు దసరాకి అంటుంది. ఆ రోజుల్లో అది అమాయకత్వం. ఇప్పుడు టోర్నమెంట్ల కోసం వయసు తగ్గించే పని తెలిసే జరుగుతుంది. పన్నెండేళ్లవాళ్ల మ్యాచ్‌కి నూనూగు మీసాల గోల్‌కీపర్ దిగితే మా పిల్లలు నా వంక చూశారు, ఏం చెప్పాలో నాకు తోచలేదు. దీని మీద కేంద్రం 2010లోనే జాతీయ నియమావళి తెచ్చింది. ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదలని బట్టి వయసు అంచనా వేస్తారు. అదీ అంచనాయే. త్వరగా ఎదిగిన నిజాయితీపరుడు కూడా అందులో చిక్కుకోవచ్చు. కాబట్టి మున్సిపల్ జనన ధ్రువీకరణ పత్రాలు జూన్‌లోనే తెప్పించుకుని సరిచూసుకోవాలి. టోర్నమెంట్ రోజు పొద్దున రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పిల్లాణ్ని వెనక్కి పంపడం కన్నా ఘోరం ఇంకోటి లేదు.

ఇక ప్రాక్టీస్‌లో ఏం నేర్పాలి? ఇక్కడ హైదరాబాదీకి ఒక సౌకర్యం ఉంది. తాతల ఆస్తి. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసినాయన. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని తీర్చిదిద్దాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు సార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ టోర్నమెంట్ గెలిచింది. భారత జట్టు కోచ్‌గా 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం. మరుసటేడు కేన్సర్‌తో పోయాడు. ఈ సంగతులు చాలామందికి తెలుసు. నాకు పనికొచ్చేది వేరే: ఆయన నగరంలో నడిపించిన చిత్రమైన పోటీలు. ఒకదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. ఇంకోదాంట్లో డ్రిబ్లింగ్, అంటే బంతిని కాళ్లతో నడిపించుకుంటూ పోవడం, చేయకూడదు, బంతి రాగానే పాస్ ఇచ్చేయాలి. లోపమేదో చూసి, అదే ఆటకి నియమంగా పెట్టేశాడు. లెక్చరు లేదు.

దీన్ని మా గ్రౌండ్‌లో ప్రయత్నించాను. గురువారం సాయంత్రం, చివరి ఇరవై నిమిషాలు, కుడి కాలు తగిలితే ఫౌల్. మొదటి ఐదు నిమిషాలు నవ్వులాటే. మా స్టార్ ఫార్వర్డ్ ఖాళీ గోల్ ముందు ఎడమ కాలితో కొట్టబోయి బంతి మీద కాలేసి కూలబడ్డాడు. జట్టులో అందరికన్నా పొట్టివాడు, పుట్టుకతో ఎడమ కాలివాడు, ఎప్పుడూ బెంచీ మీదే ఉండేవాడు, వరసగా రెండు గోల్స్ కొట్టాడు. మూడోదానికి జట్టు మొత్తం వాడికే పాస్ ఇస్తోంది. ఆ వారం నా నోట్‌బుక్‌లో వాడి పేరు పక్కన పెట్టిన గీతని ఇప్పటికీ చెరపలేదు. వాణ్ని ఎడమ వింగ్‌లో ఆడించొచ్చని అంతవరకు నాకు తట్టకపోవడం వేరే సంగతి.

వార్మప్ గురించి ఒక్క మాట. "రెండు రౌండ్లు కొట్టండ్రా" అనేది వార్మప్ కాదు, కోచ్ చాయ్ తాగే సమయం. 7 నుంచి 13 ఏళ్ల పిల్లల కోసం 11 ప్లస్ కిడ్స్ అని ఒక పద్ధతి ఉంది. ఒంటికాలి మీద నిలబడటం, గెంతి సరిగా దిగడం, పడటం నేర్చుకోవడం, ఇంతే. సామాన్లేం వద్దు, ఇరవై నిమిషాలు చాలు. నాలుగు ఐరోపా దేశాల్లో పిల్లల జట్ల మీద చేసి 2018లో ప్రచురించిన పరిశీలనలో గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. జూన్ మొదటి రోజు నుంచి అలవాటు చేస్తేనే పిల్లలు చేస్తారు. ఆగస్టులో మొదలుపెడితే "కొత్తగా ఇదేంది సార్" అంటారు. ప్లాస్టిక్ గడ్డి టర్ఫ్ అయితే ఎండపూట స్లాట్ చవగ్గా దొరుకుతుందని తీసుకోకండి. అది నేల కన్నా ఎక్కువ కాలుతుంది.

అన్నిటికన్నా కష్టం తల్లిదండ్రుల మీటింగ్. దాన్ని చాలామంది కోచ్‌లు దాటేస్తారు, వాట్సాప్ గ్రూపులో టైమింగ్స్ పెట్టి ఊరుకుంటారు. తర్వాత సెప్టెంబరులో, ఓడిన మ్యాచ్ అయ్యాక, గ్రౌండ్ బయట పార్కింగ్‌లో అదే మీటింగ్ జరుగుతుంది, అరుపులతో. "మావాణ్ని ఫార్వర్డ్‌లో ఆడించండి సార్, డిఫెన్స్‌లో ఆడితే ఎవరు చూస్తారు?" ఈ మాటని తేలిగ్గా తీసిపారేయలేను. స్పోర్ట్స్ కోటాలో సీటుకి సర్టిఫికెట్ కావాలి, సర్టిఫికెట్ రావాలంటే జిల్లా, రాష్ట్ర సెలక్షన్‌లో సెలక్టర్ల కంట్లో పడాలి. ఆ తండ్రి లెక్క ఆ తండ్రిది. అకాడమీ నడిపేవాడి లెక్కా ఉంది: కప్పు రాకపోతే వచ్చే ఏడాది ఫీజులు పక్క అకాడమీకి పోతాయి. అందరికీ సమానంగా ఆట పంచుతానంటే నష్టపోయేది ముందు కోచే. ఇది దాచి ఆదర్శాలు చెప్పడం నాకు చేతకాదు.

అందుకే నేను రెండుగా విడగొట్టాను. ఆదివారం లీగ్‌లో ప్రతి పిల్లాడికీ సగం ఆట, గెలిచినా ఓడినా. నాకౌట్ టోర్నమెంట్‌లో గెలుపు కోసమే జట్టు, అక్కడ నన్నెవరూ అడగొద్దు. ఈ రెండు మాటలూ కాగితం మీద రాసి, తల్లిదండ్రుల చేత చదివించి, సంతకం పెట్టించుకున్నాను. ఇద్దరు సంతకం పెట్టలేదు, పిల్లల్ని తీసుకెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో ఒకాయన మొన్న ఆదివారం నాలుగు గోల్స్‌తో ఓడాక నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. "మావాడివి ఇంకా ఏడు నిమిషాలు బాకీ సార్" అన్నాడు. నోట్‌బుక్ తీసి చూస్తే నిజమే.

ఆ నోట్‌బుక్‌లో నిలువు గడులు ఐదు: పేరు, పుట్టిన నెల, ఏ కాలు, ఆడిన నిమిషాలు. ఐదోది ఈ ఏడే కలిపాను: గ్రౌండ్‌కి ఎలా వస్తాడు. 1956, 1960 ఒలింపిక్స్ ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. రహీం కంట్లో పడ్డాక ప్రాక్టీస్‌కి రోజూ హైదరాబాద్ దాకా రావాలి. చార్జీలకి డబ్బుల్లేవు. రహీం సైకిల్ అద్దెకి డబ్బులిచ్చాడు. ఈ కథ ఎన్నిసార్లో విన్నాను, కానీ నా పిల్లలు ఎలా వస్తున్నారని అడగాలని ఇన్నేళ్లూ తట్టలేదు.

పద్దెనిమిది మందిలో పన్నెండు మందికి "నాన్న బండి" అని రాసుకున్నాను. నలుగురు బస్సు. ఇద్దరి దగ్గర గడి ఖాళీగా ఉంది. వాళ్లు అందరికన్నా ముందే వస్తారు, పోయేటప్పుడు కనబడరు. రేపు ప్రాక్టీస్ అయ్యాక గేటు దగ్గర నిలబడి చూడాలి.