బైబిల్ పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా చదవండి

బైబిల్‌ని నమ్మొచ్చా అని అడిగితే మా పర్లాకిమిడిలో రెండే జవాబులు వినిపిస్తాయి. చర్చిలో అడిగితే "ప్రతి అక్షరం దేవుడే రాయించాడు, అనుమానం సాతానుది" అంటారు. టీ కొట్టు దగ్గర అడిగితే "అదంతా ఎన్నోసార్లు మార్చేసిన పుస్తకం" అంటారు. ఆ పుస్తకం మన చేతికి ఎలా వచ్చిందో ఓ గంట కూర్చుని తెలుసుకున్నవాళ్ళు రెండు వైపులా తక్కువే. నాకు కోపం మాత్రం మొదటివాళ్ళ మీదే ఎక్కువ, వాళ్ళు నావాళ్ళు కాబట్టి. నేను తెలుగు బాప్టిస్టు ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. సండేస్కూల్లో పిల్లలకి చెబుతాను. బైబిల్ నమ్మదగిన పుస్తకమనే నా గట్టి అభిప్రాయం. అందుకే దాని గురించి అబద్ధాలు చెబితే ఊరుకోలేను.

ఇప్పుడు ఇది రాయడానికి కారణం మళ్ళీ మొదలైన ఆ ఫార్వర్డ్ మెసేజ్. "కొత్త బైబిళ్ళలో వచనాలు తీసేస్తున్నారు, ఇది కుట్ర, మీ పాత బైబిల్ దాచుకోండి" అని. పాతపట్నం నుంచి పెద్దమ్మ పంపింది, గుణుపురం నుంచి వదిన పంపింది, బరంపురంలో చదువుకునే మేనల్లుడు పంపి "నిజమేనా అత్తా?" అని అడిగాడు. వాడు అడిగాడు, అది నాకు నచ్చింది.

మా ఇళ్ళలో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్ళింది. అమ్మమ్మలు తెలుగు బైబిల్ చదువుతారు, ఒడియా మీడియం పిల్లలు ఒడియాలో చదువుతారు, కాలేజీవాళ్ళు ఫోన్‌లో ఇంగ్లీషుది తెరుస్తారు. మూడూ ఒకే చాప మీద ఉంటే పిల్లలు పోల్చి చూడరా? "నా దాంట్లో ఇక్కడ బ్రాకెట్ ఉంది, మీ దాంట్లో లేదేం?" అని అడగరా? అడిగిన పిల్లకి "అలాంటివి అడగకూడదమ్మా" అని చెప్పే పెద్దలని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ముందు "మార్చేశారు" అనే తమ్ముళ్ళకి చెబుతాను. 1947లో మృత సముద్రం పక్కన కుమ్రాన్ గుహల్లో చుట్టలు దొరికాయి. వాటిలో పాత నిబంధనలోని యెషయా ప్రవక్త గ్రంథం మొత్తంగా ఉన్న తోలు చుట్ట ఒకటి. ఏడు మీటర్ల పైన పొడవు, క్రీస్తుకి వందేళ్ళకి పైగా ముందటిది. అప్పటిదాకా హీబ్రూలో మనకున్న పాత ప్రతులు క్రీస్తు తర్వాత పదో శతాబ్దం, ఆ చుట్టుపక్కలవి. పాత నిబంధన మొత్తం ఉన్న లెనిన్‌గ్రాడ్ ప్రతి 1008 నాటిది. అంటే మధ్యలో వెయ్యేళ్ళకి పైగా చేత్తో నకలు రాస్తూ వచ్చారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే అదే యెషయా. తేడాలు ఉన్నాయి, వందల్లో కాదు, అంతకంటే ఎక్కువే. కానీ వాటిలో చాలా భాగం అక్షర క్రమం, చిన్న మాటలు. అక్కడక్కడ ఒక మాట ఎక్కువో తక్కువో. యెషయా చెప్పిన సంగతి వేరే సంగతి అయిపోలేదు.

ఆ చుట్టలో నన్ను కట్టిపడేసిన చోటు ఒకటుంది, నలభయ్యో అధ్యాయం. "గడ్డి యెండును పువ్వు వాడును" అనే మాట అక్కడ రెండుసార్లు వస్తుంది. రాస్తున్నాయన కన్ను మొదటి చోటు నుంచి రెండో చోటుకి దూకేసింది, మధ్యలో ముక్క పోయింది. తర్వాత ఇంకెవరో చూసి, పోయిన ముక్కని వరుసల మధ్యలో మొదలుపెట్టి పక్క అంచు మీదుగా కిందికి రాశారు. దేవుని పేరు వచ్చిన చోట పేరు రాయకుండా నాలుగు చుక్కలు పెట్టారు. ఇదంతా ఎక్కడ జరిగిందనుకున్నారు? "మన దేవుని వాక్యము నిత్యము నిలుచును" అనే వచనం దగ్గరే! మన చర్చి గోడల మీద పెద్ద అక్షరాలతో రాసుకునే వచనం అది. రాసిన మనిషి తప్పు చేశాడు, చదివిన మనిషి దిద్దాడు, తప్పూ దిద్దుబాటూ రెండూ ఇవాళ్టికీ కనిపిస్తున్నాయి. ఆ ఫొటో నేను పిల్లలకి చూపించాను. ఒక్కరి విశ్వాసమూ పోలేదు.

కొత్త నిబంధన సంగతీ ఇంతే. గ్రీకు చేతిరాత ప్రతులు ఐదు వేలకి పైగా ఉన్నాయి, కొన్ని అరచేతిలో పట్టే ముక్కలు. యోహాను 18వ అధ్యాయం ముక్క ఒకటి ఇంగ్లండులో మాంచెస్టర్ లైబ్రరీలో ఉంది. రెండో శతాబ్దానిదని ఎక్కువమంది పండితుల మాట. ఇన్ని ప్రతులుంటే వాటి మధ్య తేడాలు లక్షల్లో తేలాయి. ఆ అంకె వినగానే కొందరు "చూశారా!" అంటారు. ప్రతులు ఎక్కువ కాబట్టే తేడాలు అన్ని లెక్కకొచ్చాయి. ఒకే ప్రతి మిగిలి ఉంటే ఒక్క తేడా కూడా కనబడేది కాదు, అందులో తప్పుందో లేదో ఎప్పటికీ తేలేది కాదు. ఎవరో ఒక రాజు, ఒక సభ కూర్చుని మొత్తం మార్చేయాలంటే ఈజిప్టులో, సిరియాలో, రోములో అప్పటికే చెదిరిపోయిన ప్రతులన్నీ పోగేసి కాల్చాలి. అలా జరగలేదు. 325లో నీకయలో జరిగిన చర్చి పెద్దల సభ బైబిల్ పుస్తకాలు ఎంపిక చేసిందనేది కూడా ఒట్టి మాట. ఆ సభ తగువు వేరు, యేసు దైవత్వం గురించి. ఇప్పుడున్న 27 పుస్తకాల పట్టీ సరిగ్గా అలాగే మనకి కనబడేది 367లో అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ రాసిన ఉత్తరంలో.

ఇక నావాళ్ళ దగ్గరికి వస్తాను. ఫార్వర్డ్ మెసేజ్ చెప్పే "తీసేసిన వచనాలు" ఏమిటి? మొదటి యోహాను ఐదో అధ్యాయంలో తండ్రి, వాక్యము, పరిశుద్ధాత్మ పరలోకంలో సాక్ష్యమిస్తారనే వాక్యం ఒకటి. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ఉంది. మన తెలుగు పాత బైబిల్లో చూడండి, ఆత్మ, నీళ్ళు, రక్తం మాత్రమే ఉంటాయి. ఎరాస్మస్ అనే పండితుడు 1516లో గ్రీకు కొత్త నిబంధన అచ్చు వేసినప్పుడు అది పెట్టలేదు, గ్రీకు ప్రతుల్లో ఆయనకి కనబడలేదు కాబట్టి. కొందరు గొడవ చేస్తే 1522 అచ్చులో చేర్చాడు. అంటే అది ఇప్పుడు తీసేసింది కాదు, అప్పుడు వచ్చి చేరింది. మీరు దాచుకోమంటున్న మన పాత తెలుగు బైబిలే మీ మెసేజ్‌ని కాదంటోంది. పంపేముందు ఒక్కసారి తెరిచి చూసుకోవద్దా?

అంతకంటే పెద్దవి రెండున్నాయి. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ, యోహాను 8లోది, మనకి దొరికిన అతి పాత ప్రతుల్లో లేదు. కొన్ని ప్రతుల్లో అది లూకా సువార్తలో ఉంది! రెండోది మార్కు 16. సినాయి ప్రతి, వాటికన్ ప్రతి అని నాలుగో శతాబ్దపు పెద్ద ప్రతులు రెండున్నాయి. వాటిలో మార్కు సువార్త ఎనిమిదో వచనంతో ఆగిపోతుంది. స్త్రీలు సమాధి దగ్గర నుంచి పారిపోయారు, భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. అంతే. తొమ్మిది నుంచి ఇరవై దాకా వాటిలో లేవు. ఇప్పటి అనువాదాల్లో చాలావాటిలో ఈ సంగతి బ్రాకెట్టుతోనో, పేజీ అడుగున చిన్న అక్షరాలతోనో చెబుతారు. ఎవరూ దాచలేదు. మనమే చదవలేదు.

ఆ పన్నెండు వచనాల్లోనే ఉంది, పాములని ఎత్తి పట్టుకుంటారు, ప్రాణం తీసేది తాగినా హాని జరగదు, రోగుల మీద చేతులుంచితే స్వస్థులవుతారు అని. ఇది పండితుల గొడవ, మనకెందుకు అనేవాళ్ళు ఇక్కడ ఆగండి. మా కొండ ఊళ్ళలో వానాకాలం పాముల కాలం. కట్లపాము రాత్రి పూట నేల మీద పడుకున్నవాళ్ళని కరుస్తుంది. చాలాసార్లు నొప్పీ వాపూ పెద్దగా తెలియవు. కొన్ని గంటల్లో కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, ఆ తర్వాత ఊపిరి తీసుకునే శక్తి పోతుంది. యాంటీవీనమ్ ఆసుపత్రిలో ఉంటుంది, ఊపిరి ఆడకపోతే పెట్టే మెషిన్ కూడా అక్కడే ఉంటుంది. మా దూరపు బంధువుల్లో ఒకావిడని ఇలాగే రాత్రి పాము కరిచింది. ఇంట్లోవాళ్ళు ఆటోని పిలవకుండా ప్రార్థన చేసే ఒకాయనని పిలిచారు. ఆయన ఈ వచనమే చదివి "నమ్మితే చాలు" అన్నాడు. బండి ఎక్కించేసరికి తెల్లవారింది. దారిలోనే పోయింది.

ఆవిడ పిల్లలు ఇప్పటికీ మా నమ్మకం చాలలేదేమో అనుకుంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కన్నీళ్ళు ఆగవు. తల్లి పోయిన పిల్లల మీద ఆ బరువు ఎవరు పెట్టారు? ఆ వచనం అడుగున ఉన్న రెండు వరుసల నోటు ఎవరైనా వాళ్ళకి ముందే చదివి వినిపించి ఉంటే? పోనీ, ఆ వచనాలు మార్కు చేత్తోనే రాశాడనుకోండి. అప్పుడు కూడా ఆసుపత్రికి వెళ్ళొద్దని అందులో ఎక్కడుంది? సాతాను దేవాలయం మీద నుంచి దూకమన్నప్పుడు "నీ దేవుని నీవు శోధింపవలదు" అని యేసే అన్నాడు. పౌలు తనతో తిరిగిన లూకాని వైద్యుడని ప్రేమగా పిలుచుకున్నాడు. మా జిల్లాలోనే సెరంగోలో మిషన్ ఆసుపత్రి పెట్టినవాళ్ళు చదివింది కూడా ఇదే బైబిల్.

పాస్టర్ గార్లని ఒకటి అడుగుతాను, గౌరవంతోనే అడుగుతాను. సెరంపూర్ కాలేజీ పద్ధతిలో బి.డి., అంటే దైవశాస్త్రం డిగ్రీ, చదివినవాళ్ళు మీలో ఉన్నారు. మార్కు చివరి సంగతి, యోహాను 8 సంగతి అక్కడ పాఠంగానే చెబుతారు. పరీక్షకి రాసి పాసైన సంగతి పుల్పిట్ ఎక్కగానే ఎందుకు మాయమవుతుంది? "జనానికి అర్థం కాదు, విశ్వాసం పోతుంది" అంటారు. పొలం పట్టాల్లో ఒక అక్షరం తేడా వస్తే తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి సరిచేయించుకునే జనం వీళ్ళు. వీళ్ళకి నకలులో తప్పు అంటే అర్థం కాదా?

ఇంకో కారణం కూడా ఉందని నాకు తెలుసు. 2008లో పక్కనున్న కంధమాల్‌లో క్రైస్తవుల మీద జరిగిన దాడులు చూసినవాళ్ళం. అప్పటి నుంచి బైబిల్ మీద ఏ ప్రశ్న వచ్చినా దాడిలాగే వినబడుతోంది. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. కానీ బయటివాళ్ళ భయంతో మన పిల్లల నోళ్ళు మూయిస్తే, వాళ్ళు ఆ నోట్లు రేపు యూట్యూబ్‌లో వెక్కిరించేవాడి దగ్గర మొదటిసారి వింటారు. అప్పుడు వాళ్ళు నమ్మడం మానేది ముందు మనల్ని.

చరిత్ర సంగతికొస్తే బైబిల్‌ని బలపరిచేవి చాలానే దొరికాయి. 1961లో కైసరయలో, యేసుకి సిలువ శిక్ష వేసిన రోమా అధికారి పొంతి పిలాతు పేరున్న రాయి దొరికింది. అష్షూరు రాజు సన్హెరీబు తన శాసనంలో యూదా రాజు హిజ్కియాని యెరూషలేములో పంజరంలో పక్షిలా బంధించానని చెప్పుకున్నాడు, పట్టణం పట్టుకున్నానని మాత్రం అనలేదు. రెండో రాజుల గ్రంథంలో కూడా పట్టణం పడలేదనే ఉంది. ఇవి సంతోషంగా చెబుతాం. మరి యెహోషువ కాలంలో యెరికో గోడలు కూలాయని బైబిల్ చెబుతుంటే, 1950ల్లో పురావస్తు పరిశోధకురాలు కాథ్లీన్ కెన్యన్ యెరికో తవ్వినప్పుడు ఆ కాలానికి అక్కడ కూలడానికి పెద్ద గోడలున్న పట్టణం కనబడలేదనీ చెప్పాలి కదా. మత్తయి ప్రకారం యేసు హేరోదు రాజు బతికుండగా పుట్టాడు, హేరోదు క్రీ.పూ. 4లో పోయాడని ఎక్కువమంది లెక్క. లూకా మాత్రం యేసు పుట్టుకని సిరియా అధిపతి కురేనియ కాలపు జనసంఖ్యతో ముడిపెట్టాడు, అది క్రీ.శ. 6 నాటిదని చరిత్ర చెబుతోంది. సర్దిచెప్పడానికి చాలామంది ప్రయత్నించారు, నాకు ఒక్కటీ పూర్తిగా రుచించలేదు. ఆ ముడి అలాగే ఉంది. ఉందని పిల్లలకి చెబుతాను.

సువార్తల మధ్య తేడాలకి మాత్రం నేను కంగారు పడను. మా వైపు జముకుల కథ చెప్పేవాళ్ళు ఉన్నారు. అదే కథ ఈ ఊళ్ళో ఒకలా మొదలవుతుంది, పై ఊళ్ళో ఇంకోలా. ఒక ఘట్టం ముందుకొస్తుంది, ఒకటి వెనక్కి పోతుంది. కానీ కథ చివర ఎవరు చనిపోయారో మార్చి చెప్పి చూడండి, వింటున్న ముసలమ్మలే లేచి ఆపుతారు. సువార్తల్లో మొదటిది కాగితం ఎక్కకముందు ఆ సంగతులు ముప్పై నలభై ఏళ్ళు నోటి మాటగా, వినేవాళ్ళ మధ్యే తిరిగాయి. యేసు దేవాలయంలో బల్లలు పడదోయడం యోహానులో మొదట్లో వస్తుంది, మిగిలిన మూడింట్లో చివర వస్తుంది. సమాధి దగ్గరికి ఎవరెవరు వెళ్ళారో నలుగురూ ఒకేలా చెప్పరు. సిలువ మీద చనిపోయాడు, పిలాతు కాలంలో, సమాధి దగ్గరికి ముందు వెళ్ళింది స్త్రీలు. ఇక్కడ నలుగురూ ఒకటే. ఆడవాళ్ళ సాక్ష్యానికి పెద్దగా విలువ ఇవ్వని కాలంలో, కట్టుకథ అల్లేవాడు స్త్రీలని ముందు పెట్టడు. నా నమ్మకం అక్కడ నిలబడింది.

మా క్లాసులో ఒక పిల్ల అడిగింది, "టీచర్, ఆ స్త్రీ కథ పాత ప్రతుల్లో లేదంటే మనం చదవకూడదా?" అని. చదువుతాం. చదివి, ఆ బ్రాకెట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేలు పెట్టి చూపిస్తాను, ఎందుకుందో చెబుతాను. వచ్చే ఆదివారం మార్కు 16 తీస్తున్నాం, నోటుతో సహా. పాము కరిస్తే ఏం చేయాలో కూడా అదే క్లాసులో చెబుతాను: కదలకుండా పడుకోబెట్టాలి, కోయకూడదు, గట్టిగా కట్టకూడదు, 108కి ఫోన్ చేయాలి, ప్రార్థన బండిలో చేసుకోవాలి. పిల్లల అమ్మానాన్నల్లో ఎవరికైనా అభ్యంతరం ఉంటే గ్రూపులో కాదు, క్లాసుకే రండి. మీ ఇంట్లో ఉన్న బైబిల్ ఏ భాషదైనా తెచ్చుకోండి, కలిసి చూద్దాం.