రొయ్యల మీద మోపిన కేసు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో సెక్రటరీ గారు రోజూ ఉదయం అయిదున్నరకే లేచి దేశాన్ని కాపాడుతుంటారు. మొన్న ఇలా కాపాడారు: అమెరికాలో రెడ్ లాబ్‌స్టర్ అని పెద్ద హోటళ్ల కంపెనీ ఉందట. 20 డాలర్లకు తిన్నన్ని రొయ్యలు పెడతామందట. జనం ఆబగా తిన్నారట, కంపెనీ దివాలా తీసిందట. ఉచితాలు మరిగిన జాతికి ఇదే గతి, ఆలోచించండి, పది మందికి పంపండి.

ఆలోచించాను. 20 డాలర్లంటే మన లెక్కలో 1,600 రూపాయల పైమాటే. అంత డబ్బు పోసి కొనుక్కున్న తిండి ఉచితం ఎలా అయిందో ఆలోచించినకొద్దీ తల తిరిగింది. అయినా పెద్దాయన మాట తీసెయ్యకూడదు కాబట్టి ఫిర్యాదును పద్ధతి ప్రకారమే విచారిద్దాం.

రెడ్ లాబ్‌స్టర్ 1968లో ఫ్లోరిడాలోని లేక్‌లాండ్‌లో పుట్టింది. అన్‌లిమిటెడ్ రొయ్యల బేరం వాళ్లకు పాతదే, కాకపోతే పరిమితంగా ఉండేది. 2023 జూన్‌లో దాన్ని ఏడాది పొడవునా, వారంలో ఏ రోజైనా సరే అన్నారు. దానివల్ల 1.1 కోట్ల డాలర్ల నష్టం వచ్చిందని కంపెనీయే కోర్టుకు చెప్పుకుంది. 2024 మే 19న దివాలా పిటిషన్ వేసింది. హతుడు దొరికాడు, రొయ్యల తోకలు దొరికాయి. తిన్నవాళ్లేమో మూతులు తుడుచుకుంటూ అక్కడే ఉన్నారు. ఇంక దర్యాప్తు దేనికి?

మా మావయ్య ఉన్నాడు కాబట్టి.

మావయ్యది భీమవరం దగ్గర ఊరు. ఎనిమిది ఎకరాల వనామి రొయ్యల చెరువు, అందులో అయిదెకరాలు లీజు. డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరకు వెళ్లినప్పుడు, బావ ఆయన్ని ముచ్చటపడి ఒక హోటలుకు తీసుకెళ్లాడు. పేరు మనకు అనవసరం, అదీ తిన్నన్ని రొయ్యల బాపతే. నేను అక్కడ లేను. బావ చెప్పినదానికి నేను కలిపింది కొంచెమే.

మొదటి ప్లేటు రాగానే మావయ్య తినలేదు. ఒక రొయ్యను ఫోర్కుతో పక్కకు తీసి, పైనున్న పిండి అంతా గీకి, మిగిలినదాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. "ఏరా, ఇది ఎంత కౌంటంటావ్?" అన్నాడు. కౌంటంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య అనీ, అది పెరిగేకొద్దీ రొయ్య చిన్నదనీ గోదావరి జిల్లాల వాళ్లకు చెప్పక్కర్లేదు.

"నాన్నా, ప్లీజ్. తినండి."

"వంద కౌంటు సరుకురా ఇది. పిండి చొక్కా తొడిగి నలభై కౌంటులా కూచోబెట్టాడు. ఆ అమ్మాయిని పిలు, అడుగుదాం."

ఆ అమ్మాయి వచ్చింది. బావ సిగ్గుతో తర్జుమా చేశాడు. ఆమె నవ్వి ఇంకో ప్లేటు తెచ్చింది, దాన్నీ గీకాడు. మూడో ప్లేటుకు పేపర్ న్యాప్‌కిన్ మీద లెక్క మొదలైంది: మేత ఇంత, కరెంటు ఇంత, సీడు ఇంత, ఐసు ఇంత. అయిదో ప్లేటుకు పక్క టేబులు వాళ్లు తినడం మానేసి ఈయన్నే చూస్తున్నారు. ఏడో ప్లేటు అయ్యాక పెన్ను జేబులో పెట్టి, "ఎంత తిన్నా మనిషి అరకిలో దాటడు. పొట్టేమన్నా చెరువా? సరేగానీ, ఈ స్థలం సొంతమా, లీజా?" అన్నాడు.

అమ్మాయికి తెలియదు. మేనేజరు వచ్చాడు. ఇండియా నుంచి వచ్చిన ముసలాయన ఏడు ప్లేట్ల రొయ్యలు తిని ఎస్టేటు వివరాలు అడుగుతున్నాడంటే, ఏ పెట్టుబడిదారో అనుకున్నాడు పాపం. లీజే అన్నాడు.

"అయితే ఎనిమిదో ప్లేటు తెమ్మను. వీడు పోతే లీజు వల్ల పోతాడు గానీ నా వల్ల పోడు."

పంట చేతికొచ్చినా, వైట్ స్పాట్ తెగులు వచ్చి రొయ్యలన్నీ చచ్చి తేలినా, లీజు డబ్బు మాత్రం కట్టి తీరాల్సిన మనిషి కాబట్టి ఆయనకు ఆ ప్రశ్న తోచింది. ఇప్పుడు రెడ్ లాబ్‌స్టర్‌కు అదే ప్రశ్న వేసి చూడండి.

2014 దాకా దాని హోటళ్లలో చాలావాటి స్థలాలు కంపెనీవే. ఆ ఏడాది గోల్డెన్ గేట్ క్యాపిటల్ అనే ప్రైవేట్ ఈక్విటీ సంస్థ, అంటే కంపెనీలను కొని లాభానికి అమ్ముకునే సంస్థ, దాన్ని 210 కోట్ల డాలర్లకు కొంది. కొంటూ కొంటూనే ఆ స్థలాలను వేరే సంస్థకు 150 కోట్లకు అమ్మేసింది. అంటే కొన్న ధరలో చాలా భాగం కొన్న వస్తువులోంచే వచ్చింది. నిన్నటిదాకా సొంత గడప తొక్కిన హోటలు మర్నాటి నుంచి అదే గడపకు అద్దె కట్టడం మొదలెట్టింది. 2023లో కట్టిన అద్దె 19 కోట్ల డాలర్ల పైచిలుకు. అందులో 6 కోట్లకు పైగా సరిగ్గా నడవని హోటళ్ల అద్దే. జనం ఆబగా తిన్న 1.1 కోట్లు దీని పక్కన పెట్టి చూడండి సెక్రటరీ గారూ. కళ్లజోడు పెట్టుకునే చూడండి.

పైగా తరవాత దాన్ని చేతికి తీసుకున్న థాయ్ యూనియన్ స్వయానా రొయ్యలు అమ్మే కంపెనీ. మన కొవ్వూరులో మేత తయారుచేసే అవంతి ఫీడ్స్‌లోనూ దానికి వాటా ఉంది, లోకం చిన్నది. రొయ్యలు సరఫరా చేసే మిగతావాళ్లను తప్పించి ఆ యజమానికే మేలు చేశారన్న అనుమానాన్ని దివాలా సమయంలో వచ్చిన కొత్త సీఈవోనే కోర్టు ముందు పెట్టాడు. మీకు సరుకమ్మేవాడే మీ హోటలుకు ఓనరైతే, 'తిన్నన్ని రొయ్యలు' అన్న ఆలోచన ఎవరికి తీపిగా ఉంటుందో మావయ్యనడిగితే చెబుతాడు.

తిన్నంత పెట్టడం మనకేమన్నా కొత్తా? కాకినాడలో చదువుకునేటప్పుడు మేం తిన్న మెస్సులో ఫుల్ మీల్స్‌కు అన్నం లెక్క ఉండేది కాదు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు మధ్యాహ్నం రెండింటికి వచ్చి కూర్చుంటే ఏ ఓనరుకైనా గుండె గుభేలుమనాలి. ఆయనకు అనలేదు. మొదటి మారుకు పప్పు గరిట నిండా పడేది, రెండో మారుకు సాంబారు ముందుకొచ్చేది, మూడో మారు అడగబోతుంటే వడ్డించే ఆయన ఎంతో ప్రేమగా "బాబూ, పెరుగు వెయ్యమంటారా?" అనేవాడు. ఆ ప్రేమకు లొంగని కుర్రాణ్ణి నేను చూడలేదు. ఆ మెస్సు 20 ఏళ్లు నడిచింది. చివరికి మూతపడింది, నిజమే. బిల్డింగ్ ఓనరు కొడుకులు అక్కడ కాంప్లెక్స్ కడతామన్నారు.

బిగ్ బజార్ సంగతీ చూశాం కదా. 2001లో మొదలైనప్పుడు తొలి దుకాణాల్లో ఒకటి హైదరాబాద్‌దే. జనం ఆన్‌లైన్‌కు పోయారు, అందుకే పోయిందని ఇప్పటికీ అంటారు. అప్పుల కుప్ప మీద అద్దె బాకీలు పడ్డాయి, లీజులు రిలయన్స్ పేరుకు మారాయి, 2022 ఫిబ్రవరిలో దుకాణాలు చేతులు మారడం మొదలైంది. మన ఫోన్లో యాప్ ఉండటం వల్ల ఇదంతా జరిగిందని నమ్మేవాళ్లను నేను ఆపను.

కానీ ఒక్క విషయం. దివాలా పిటిషన్‌కు వారం ముందు రెడ్ లాబ్‌స్టర్ పదుల కొద్దీ హోటళ్లను ఉన్నట్టుండి మూసేసింది. లోపలి సామాను ఆన్‌లైన్‌లో వేలం వేశారు, పొయ్యిలు, ఫ్రిజ్‌లు, కుర్చీలు అన్నీ కలిపి ఒకటే లాటు. వేలానికి ఏర్పాట్లు ఉన్నాయి, పనివాళ్లకు ముందు చెప్పే తీరికే లేదు. టిప్పుల మీద బతికే సర్వరుకు యజమాని ఇచ్చి తీరాల్సిన కనీస జీతం అమెరికా ఫెడరల్ చట్టంలో గంటకు 2.13 డాలర్లు. 1991 నుంచీ అంతే, ఒక్క పైసా పెరగలేదు. తిన్నన్ని రొయ్యలంటే ఆ మనిషి ఒక టేబులుకు ఎనిమిది సార్లు తిరిగి, 20 డాలర్ల బిల్లు మీద టిప్పు తీసుకోవాలి. కాళ్లు పీకేది వాళ్లకి, స్థలాలమ్మిన డబ్బు ముట్టేది ఇంకెవరికో, ఉద్యోగం పోయేది మళ్లీ వాళ్లకే. ఇంత చేసి తిండిబోతులు ముంచేశారని కథ అల్లడానికి సిగ్గుండక్కర్లేదా? దాన్ని పొద్దున్నే లేచి పంచడానికి మనకుండక్కర్లేదా?

ఇదంతా టైపు చేసి గ్రూపులో పెట్టాను. పనిలో పనిగా ఇంకో సంగతీ చెప్పాను: ఇదే కంపెనీ 2003లో పీతలతో ఇదే బేరం పెట్టి చేతులు కాల్చుకుంది. మూడో ప్లేటు, నాలుగో ప్లేటు దగ్గర దెబ్బ తిన్నామని అప్పటి పెద్దలే ఒప్పుకున్నారు. అయినా ఆ తరవాత ఇరవై ఏళ్లు బతికే ఉంది కదా అన్నాను.

సెక్రటరీ గారు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. పావుగంటకు ఆ ఫార్వర్డే మళ్లీ వచ్చింది. ఈసారి రొయ్యలు తీసేసి పీతలు పెట్టారు.