రోజెన్‌కు మయామీ కట్టిన వెల తప్పు కాదు, తప్పు మరోచోట ఉంది

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను రౌండ్లవారీగా, వంతుల ప్రకారం ఎంచుకోవడమే డ్రాఫ్ట్; ఆ ఒక్కో వంతే పిక్. 2018 డ్రాఫ్ట్‌లో అరిజోనా కార్డినల్స్ తమ 15వ స్థానంతో పాటు మరో రెండు పిక్‌లు ఇచ్చుకుని, పదో స్థానానికి ఎగబాకి మరీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు దాడిని నడిపే ఆటగాడు) జాష్ రోజెన్‌ను తెచ్చుకుంది. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 2019 ఏప్రిల్‌లో మరో క్వార్టర్‌బ్యాక్ కైలర్ మర్రీని మొదటి పిక్‌తో తీసుకున్న మరునాడే, రోజెన్‌ను మయామీ డాల్ఫిన్స్‌కు ఇచ్చేసింది. బదులుగా వచ్చినవి ఆ ఏటి 62వ పిక్, మరుసటి ఏటి ఐదో రౌండ్ పిక్ మాత్రమే. సైనింగ్ బోనస్ (ఒప్పందంపై సంతకానికి ఇచ్చే సొమ్ము) భారం అరిజోనా మీదే మిగిలిపోయింది కాబట్టి మూడేళ్లకు మయామీ చెల్లించాల్సిన జీతం అరవై లక్షల డాలర్లకు కాస్త పైన. క్వార్టర్‌బ్యాక్‌ల జీతాలు తెలిసిన వారెవరికైనా ఇది చవక బేరమే. అయినా అది ఫలించలేదు. ఎందుకు ఫలించలేదో తేల్చుకోకుండా తొలి ఏడాది తడబడిన మరో కుర్రవాడి కోసం పిక్‌లు ఇవ్వడానికి సిద్ధపడితే అదే నష్టం మళ్లీ జరుగుతుందని నా నమ్మకం.

రోజెన్ తొలి ఏడాది లెక్కలు చూస్తే ఎవరికైనా మనసు విరుగుతుంది. 13 మ్యాచ్‌లు ఆరంభించి మూడే గెలిచాడు. 11 టచ్‌డౌన్లకు (బంతిని చివరి గీత దాటించే స్కోర్లు) 14 ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థులకు చిక్కిన పాస్‌లు). 45 సార్లు బంతి విసరకముందే ప్రత్యర్థులు అతన్ని పడగొట్టారు (దీన్నే శాక్ అంటారు). అక్టోబరులో డెన్వర్‌తో మ్యాచ్‌లో మొదటి క్వార్టర్ ముగియకముందే అతను విసిరిన రెండు బంతులను ప్రత్యర్థులు అందుకుని నేరుగా టచ్‌డౌన్లు చేశారు. 45-10తో ఓడిన మరునాడే అరిజోనా అఫెన్సివ్ కోఆర్డినేటర్ (దాడి వ్యూహాలు చూసే కోచ్) ఉద్యోగం పోయింది. కానీ డిసెంబరులో మంచు పడే గ్రీన్ బే మైదానంలో ఆడింది కూడా ఇదే రోజెన్. స్కోరు సమంగా ఉన్న ఆఖరి డ్రైవ్‌లో (దాడిలో), మూడో డౌన్‌లో (నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) ఇంకా 23 గజాలు కావాల్సి ఉండగా, అతను లారీ ఫిట్జ్‌గెరాల్డ్‌కు 32 గజాల పాస్ అందించాడు. కార్డినల్స్ 20-17తో గెలిచింది. ఆ ఒక్క పాస్ చూసి కొనమని నేననను. అయితే కొనదలచిన జట్టు వెతకవలసింది అలాంటి పాస్‌లనే: లైన్ (క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి కాపు కాసే ఆటగాళ్ల వరుస) అతన్ని కాపాడినప్పుడు, కాళ్లు నిలదొక్కుకునేంత సమయం దొరికినప్పుడు, బంతి అనుకున్న చోటికి ఎన్నిసార్లు వెళ్లిందన్నది ముఖ్యం. ఒత్తిడిలో విసిరిన బంతుల ఫలితాలు ఒక ఏడాదికీ మరో ఏడాదికీ బాగా మారిపోతాయి. రక్షణ దొరికినప్పటి ఆట అంతగా మారదు. బంతిని అవసరానికి మించి చేతిలో పట్టుకుని ఉండే అలవాటు మాత్రం ఆటగాడితోనే కొత్త ఊరికి వస్తుంది. 45 శాక్‌లలో లైన్ పాపమెంత, అతని పాపమెంత అని వీడియో ముందు కూర్చుని విడదీయడమే అసలు పని.

అంత శ్రమపడి విడదీసినా సరిపోదు, ఎందుకంటే రెండో సగం కొనే జట్టు చేతిలోనే ఉంటుంది. 2016లో మొదటి పిక్‌గా రామ్స్‌కు వచ్చిన జారెడ్ గాఫ్ ఆ ఏడాది ఆరంభించిన ఏడు మ్యాచ్‌లూ ఓడిపోయాడు, వాటిలో 26 శాక్‌లు తిన్నాడు. మరుసటి ఏడాదికి షాన్ మెక్‌వే కోచ్‌గా వచ్చాడు. అంతకన్నా తక్కువగా చెప్పుకునే సంగతి, ఎడమ వైపు కాపలాకు ఆండ్రూ విట్‌వర్త్ వచ్చాడు. 15 మ్యాచ్‌లలో గాఫ్ తిన్న శాక్‌లు 25కు దిగాయి, 28 టచ్‌డౌన్లు చేయించాడు, రామ్స్ 11 గెలుపులు, 5 ఓటములతో ముగించింది. మరి మయామీ ఏం చేసింది? రోజెన్ వచ్చిన నాలుగు నెలలకు, సీజన్ మొదలయ్యే ముందు, జట్టులోని అత్యుత్తమ లెఫ్ట్ ట్యాకిల్ (లైన్‌లో ఎడమ వైపు కాపలాదారు) లారెమీ టన్‌సిల్‌నూ రిసీవర్ (పాస్‌లు అందుకునే ఆటగాడు) కెన్నీ స్టిల్స్‌నూ కలిపి హ్యూస్టన్‌కు ఇచ్చేసింది. ఆ ట్రేడ్‌లో దక్కిన రెండు మొదటి రౌండ్ పిక్‌లు జట్టు భవిష్యత్తుకు మంచివే కావచ్చు. కానీ రోజెన్‌ను అరిజోనాలో దెబ్బతీసిన పరిస్థితినే అంతకన్నా ఘోరంగా అతని చుట్టూ మళ్లీ కట్టింది. అతను మూడే మ్యాచ్‌లు ఆరంభించాడు. ఆ ఏడాది మొత్తం మీద ఒక టచ్‌డౌన్, ఐదు ఇంటర్‌సెప్షన్లు. 2020లో మయామీ టువా టాగోవైలోవాను డ్రాఫ్ట్ చేసి, సెప్టెంబరులో రోజెన్‌ను వదిలేసింది.

అమ్మే జట్టుకు అతని గురించి మనకన్నా ఎక్కువ తెలుసు కదా, వాళ్లే వద్దనుకున్న వాణ్ని మనమెందుకు తీసుకోవాలన్న వాదనలో బలం ఉంది. దానికి జవాబు రాన్ వోల్ఫ్ దగ్గర దొరుకుతుంది. అట్లాంటాలో 1991లో తొలి ఏడాది బ్రెట్ ఫార్వ్ విసిరినవి నాలుగే పాస్‌లు. ఒక్కటీ తమవాళ్లకు అందలేదు, రెండు ప్రత్యర్థులకు చిక్కాయి. అలాంటి వాడి కోసం గ్రీన్ బే జనరల్ మేనేజర్‌గా వోల్ఫ్ 1992లో మొదటి రౌండ్ పిక్ ఇచ్చాడు. ఫార్వ్ డ్రాఫ్ట్ అవకముందు, జెట్స్ అనే మరో జట్టులో పనిచేస్తూ, తన కళ్లతో చూసి ఏర్పరచుకున్న అభిప్రాయాన్ని ఆ నాలుగు పాస్‌లకు లొంగనివ్వలేదు. ఫార్వ్ తర్వాత వరుసగా మూడేళ్లు ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. అలాంటి సొంత అంచనా లేని జట్టు, ఒకప్పటి డ్రాఫ్ట్ స్థానాన్ని చూసి ఆశపడితే, వేరొకరి పాత అభిప్రాయాన్ని డబ్బిచ్చి కొన్నట్టే.

కాబట్టి వెల దగ్గర నా పట్టింపు తక్కువ. తడబడినా రక్షణ దొరికినప్పుడు బాగా విసిరిన కుర్రవాడికి, లైన్ గట్టిగా ఉండి, కనీసం రెండేళ్లు అదే కోఆర్డినేటర్‌ను ఉంచుకునే జట్టు రెండో రౌండ్ పిక్ ఇవ్వవచ్చు. సొంత లెఫ్ట్ ట్యాకిల్‌నే అమ్ముకునే ఆలోచనలో ఉన్న జట్టు ఐదో రౌండ్ పిక్ కూడా ఇవ్వకూడదు.